భారీ జాతి కుక్కపిల్ల పెంపకం – సైనిక చరిత్ర చెప్పే పాఠాలు

మన ఫౌజీ కుటుంబాలకు కుక్కతో ఉన్న అనుబంధం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కంటోన్మెంట్ క్వార్టర్లలో పెరిగిన మన పిల్లలు ఎవరిని కదిపినా ఒక టైగర్ గురించో, ఒక సీజర్ గురించో గంటసేపు చెబుతారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ రెండు మూడేళ్లకొక పోస్టింగు, సామాను సర్దుడు, రైలు ప్రయాణాలు. అందుకని పెద్ద కుక్కను పెంచాలనే కోరిక చాలామందికి రిటైరై, సికింద్రాబాదులోనో విశాఖపట్నంలోనో సొంత ఇల్లు కట్టుకున్నాక గాని తీరదు. అప్పుడు ఎంచుకునేది మామూలు కుక్కనా? గ్రేట్ డేన్ కావాలి, సెయింట్ బెర్నార్డ్ కావాలి, లేదా మాస్టిఫ్ కావాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే పుట్టినప్పుడు అరకిలో పైచిలుకు తూగే గ్రేట్ డేన్ పిల్ల ఏడాది తిరిగేసరికి 50, 60 కిలోలకు వస్తుంది. అంటే ఇంచుమించు నూరు రెట్లు! ఇంత వేగంగా పెరిగే ఎముకకు తిండి తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే. మన ఇళ్లలో జరిగేది మాత్రం ఎప్పుడూ రెండోదే. బిడ్డకు పెట్టినట్టు కొసరి కొసరి పెట్టి, పైన కాల్షియం సిరప్పు పోసి, చివరికి కాళ్లు వంకరపోయిన పిల్లను పశువుల ఆస్పత్రికి మోసుకెళ్లే వాళ్లు తక్కువేమీ కాదు. ఈ విషయంలో చరిత్ర మనకు చెప్పే సంగతులు చాలా ఉన్నాయి. విశేషమేమిటంటే వాటిలో పెద్ద భాగం సైనికులు నేర్చుకున్నవే.

నాలుగు ఊళ్ల పన్ను, నూటయాభై కుక్కలు

భారీ కుక్కల చరిత్రలో మన దేశం పేరు చాలా ముందే వస్తుంది. క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ ఒక సంగతి రాశాడు. పారశీక సామ్రాజ్యంలో బాబిలోన్‌ను ఏలిన ట్రిటాంటెక్మెస్ అనే గవర్నరు దగ్గర భారతదేశపు కుక్కలు లెక్కకు మిక్కిలిగా ఉండేవట. వాటికి తిండి సమకూర్చే బాధ్యతను నాలుగు పెద్ద ఊళ్లకు అప్పగించి, ఆ ఊళ్లకు మిగతా పన్నులన్నీ మాఫీ చేశాడట. పెద్ద కుక్కను మేపడం ఎంత ఖర్చుతో కూడిన పనో ఈ ఒక్క ముక్కతో తెలిసిపోతుంది కదా!

తర్వాత క్రీ.పూ. 326లో అలెగ్జాండర్ పంజాబు మీదికి వచ్చినప్పుడు, సోపీథెస్ అని గ్రీకులు పిలిచిన స్థానిక రాజు అతనికి 150 వేటకుక్కలను కానుకగా ఇచ్చాడు. వాటి సత్తా చూపించడానికి సింహం మీదికి వదిలాడనీ, కాలు కోస్తున్నా ఒక కుక్క పట్టు విడవలేదనీ గ్రీకు రచయితలు ఆశ్చర్యంతో రాసుకున్నారు. కొంత అతిశయోక్తి ఉండవచ్చు. కానీ రాజు రాజుకు ఇచ్చే కానుకల్లో కుక్కలకు చోటు దక్కిందంటే వాటి విలువ ఎలాంటిదో మనం ఊహించుకోవచ్చు.

జనరల్ గారి సలహా

ఇంకొంచెం వెనక్కి వెళితే జెనోఫాన్ కనిపిస్తాడు. క్రీ.పూ. 401లో పారశీక దేశం నడిబొడ్డున చిక్కుకుపోయిన పదివేలమంది గ్రీకు సైనికులను వెనక్కి నడిపించిన సేనానుల్లో ఆయన ఒకడు. ఆ మహాయాత్ర మిలిటరీ చరిత్ర చదివిన వారందరికీ తెలుసు. ఆయన పేరుతోనే వేటకుక్కల పెంపకం మీద ఒక చిన్న పుస్తకం కూడా ఉందన్న సంగతి అంతగా ఎవరికీ తెలియదు. అందులో ఆయన కుక్కపిల్లలకు మితిమీరి తిండి పెట్టవద్దంటాడు. పెడితే కాళ్లు వంకరపోతాయనీ, ఒంటికి రోగాలు పట్టుకుంటాయనీ, లోపలి అవయవాలు చెడిపోతాయనీ హెచ్చరిస్తాడు. ఏడాది వచ్చేవరకు పాలు పట్టమంటాడు. పిలవడానికి తేలికగా ఉండే పొట్టి పేర్లు పెట్టమంటాడు. ఆడ పిల్లలను ఎనిమిదో నెలలో, మగ పిల్లలను పదో నెలలో వేటకు తీసుకెళ్లమని, అప్పుడు కూడా తాడు వదలవద్దని చెబుతాడు. అన్నిటికన్నా ముఖ్యం, యజమాని తన చేత్తో తనే తిండి పెట్టాలంటాడు. ఆకలి వేసినప్పుడు ఎవరు పెడతారో వాళ్ల మీదే కుక్కకు ప్రేమ కలుగుతుందని ఆయన లెక్క. నేటికీ ఏ సైన్యంలోనైనా కుక్కకూ, దాని హ్యాండ్లర్‌కూ మధ్య బంధానికి ఇదే పునాది.

రోమన్లలో కొలుమెల్లా అనే వ్యవసాయ రచయిత క్రీ.శ. 1వ శతాబ్దంలో ఇంచుమించు ఇవే మాటలు చెప్పాడు. కుక్కకు బార్లీ పిండి, పాల విరుగు తేట పెట్టాలి. పేరు మరీ పొడవుగా ఉండకూడదు, అలాగని రెండు అక్షరాలకు తగ్గకూడదు. ఆరు నెలలు నిండి గట్టిపడేవరకు పిల్లను స్వేచ్ఛగా బయటికి వదలకూడదు. పిల్ల కీళ్ల మీద అప్పుడే బరువు వేయకూడదనే ఎరుక రెండు వేల ఏళ్ల నాటిదన్నమాట.

మంచు కనుమలో గురుకులం

స్విట్జర్లాండు, ఇటలీ సరిహద్దులో గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ ఉంది. ఎత్తు 2,469 మీటర్లు. 11వ శతాబ్దంలో అక్కడ వెలసిన ఆశ్రమంలోని సన్యాసులు బాటసారులకు ఆశ్రయం ఇచ్చేవారు. 17వ శతాబ్దం నుంచి వాళ్ల దగ్గర పెద్ద కుక్కలు ఉన్నాయి. మంచులో కూరుకుపోయిన వారిని వాసన పట్టి వెతకడం వాటి పని. 1800 మే నెలలో నెపోలియన్ సైన్యం ఆ కనుమ దాటే ఇటలీలోకి దిగింది. అదే ఏడాది పుట్టిన బ్యారీ అనే కుక్క 40 మందికి పైగా ప్రాణాలు కాపాడిందని ప్రసిద్ధి. ముసలితనంలో దానిని బెర్న్ నగరానికి పంపారు. 1814లో అక్కడే చనిపోయింది. దాని మెడలో బ్రాందీ పీపా ఉండేదన్న మాట మాత్రం కట్టుకథ. 1820లో లాండ్‌సీర్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు వేసిన బొమ్మ నుంచి ఆ పీపా లోకమంతా పాకింది.

ఆ కుక్కలకు ట్రైనింగ్ సిలబస్ అంటూ ఏమీ ఉండేది కాదు. పిల్లలు పెద్ద కుక్కల వెంట మంచులో తిరుగుతూ, చూసి నేర్చుకునేవి. మన పాత గురుకులం పద్ధతే!

ఇంకొక సంగతి గమనించాలి. బ్యారీ బరువు సుమారు 40, 45 కిలోలే. నేటి సెయింట్ బెర్నార్డ్ 65 నుంచి 80 కిలోల దాకా తూగుతుంది. పని కోసం పెంచిన కుక్క ప్రదర్శన కోసం పెంచే కుక్కగా మారేసరికి తల పెరిగింది, బరువు పెరిగింది, చురుకుదనం తగ్గింది. బెర్న్ మ్యూజియంలో బ్యారీ చర్మంతో చేసిన బొమ్మను 1923లో తిరిగి కట్టినప్పుడు, అప్పటి జాతి లక్షణాలకు తగ్గట్టు దాని తలను కూడా మార్చారు. అసలు వీరుణ్ణే ఫ్యాషన్‌కు తగ్గట్టు దిద్దారన్నమాట. ఇప్పుడు హెలికాప్టర్‌లో ఎక్కించి తీసుకెళ్లడానికి వీలుగా అక్కడి రెస్క్యూ దళాలు తేలికపాటి కుక్కలనే వాడుతున్నాయి.

నేవీలో చేరిన గ్రేట్ డేన్

రెండో ప్రపంచ యుద్ధకాలంలో దక్షిణాఫ్రికాలోని సైమన్స్ టౌన్ నౌకాస్థావరంలో ఒక గ్రేట్ డేన్ ఉండేది. 1937 ఏప్రిల్ 1న పుట్టింది. దాని యజమాని అక్కడ సైనికుల విశ్రాంతి మందిరం నడిపేవాడు. వచ్చే పోయే నావికులు దానికి తినుబండారాలు పెట్టి, షికారుకు తీసుకెళ్లి బాగా మరిగించారు. ఓడ ఎక్కే పలక మీద అడ్డంగా పడుకునేది కాబట్టి అందరూ న్యూసెన్స్ అని పిలిచేవారు. నావికుల వెంట కేప్ టౌన్ రైలు ఎక్కేది. టిక్కెట్టు లేని ఈ ప్రయాణికుడితో విసిగిపోయిన రైల్వే వాళ్లు దానిని చంపేయిస్తామని బెదిరించేదాకా వచ్చింది. సైనికులకు రైలు ప్రయాణం ఉచితం. అందుకని 1939 ఆగస్టు 25న దానిని రాయల్ నేవీలో అధికారికంగా చేర్చుకున్నారు! పేరు జస్ట్ న్యూసెన్స్. వృత్తి అన్నచోట 'ఎముకలు కొరకడం' అని రాశారు. తర్వాత ఏబుల్ సీమన్ ర్యాంకు కూడా ఇచ్చారు.

దాని కాండక్ట్ షీటు మాత్రం అంత గొప్పది కాదు. చెప్పకుండా మాయమవడం, పెట్టీ ఆఫీసర్ల మంచాల మీద నిద్రపోవడం, వేరే ఓడల కుక్కలతో కొట్లాటకు దిగి వాటి ప్రాణాలు తీయడం ఇవన్నీ అందులో ఉన్నాయి. దాని పిల్లలను వేలం వేసి యుద్ధనిధికి డబ్బు కూడబెట్టారు. చివరికి మోటారు ప్రమాదం తాలూకు దెబ్బ పక్షవాతంగా మారింది. 1944 జనవరి 1న సర్వీసు నుంచి డిశ్చార్జ్ చేశారు. సరిగ్గా ఏడో పుట్టినరోజున, 1944 ఏప్రిల్ 1న దానికి బాధలేని మరణం కల్పించి, నౌకాదళ లాంఛనాలతో సమాధి చేశారు. సైమన్స్ టౌన్‌లో దాని విగ్రహం ఉంది.

చదవడానికి సరదాగా ఉన్నా ఇందులో మనకొక పాఠం ఉంది. చేతికి వచ్చింది పెట్టి, అడిగిన చోటికల్లా తిప్పి, చిన్నప్పుడు ఎవరూ వద్దని చెప్పని భారీ కుక్క పెద్దయ్యాక ఎవరి మాటా వినదు. దానికి నేవీ అండ దొరికింది కాబట్టి బతికిపోయింది. మన కాలనీలో కుక్కకు ఆ అండ దొరకదు. ఎవరినైనా కరిచిందంటే అంతే సంగతులు.

సైన్యాలు భారీ జాతులను ఎందుకు వదిలేశాయి?

1942లో అమెరికా సైన్యం ప్రజల దగ్గర నుంచి కుక్కలను సేకరించినప్పుడు మొదట 30కి పైగా జాతులను తీసుకుంది. రెండేళ్లలో ఆ జాబితా ఏడు జాతులకు తగ్గిపోయింది. ట్రైనింగ్‌కు మరీ పెద్దవని గ్రేట్ డేన్లను పక్కన పెట్టారు. కారణాలు తేలికే. తిండి ఎక్కువ, ఎండకు ఓర్వలేవు. శరీరం పూర్తిగా గట్టిపడడానికి ఒకటిన్నర, రెండేళ్లు పడుతుంది. ఆయుర్దాయం చూస్తే ఎనిమిది, పదేళ్లు. ఇక సర్వీసు చేసేదెప్పుడు?

మన సైన్యంలో 1779 నాటి మూలాలున్న రీమౌంట్ వెటర్నరీ కోర్ 1960లో మీరట్‌లో కుక్కల శిక్షణ మొదలుపెట్టింది. అక్కడ లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు, బెల్జియన్ మాలినాలకే పెద్దపీట. మంచు ప్రాంతాల కోసం గ్రేట్ స్విస్ మౌంటెన్ డాగ్ అనే పెద్ద జాతిని కూడా పెంచారు. మన దక్కను గడ్డ మీది ముధోల్ కుక్కను 2016లో పరీక్షకు తీసుకున్నారు. 26 ఏళ్ల తర్వాత 2016 రిపబ్లిక్ డే పరేడ్‌లో 36 సైనిక కుక్కలు నడిస్తే అవన్నీ లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లే. 2022 అక్టోబరులో అనంతనాగ్ జిల్లాలో తూటాలు తగిలినా వెనుతిరగక, తర్వాత ప్రాణాలు విడిచిన జూమ్ బెల్జియన్ మాలినా జాతిదే.

సైన్స్ ఏం తేల్చింది?

జెనోఫాన్ చెప్పిన మాటను సైన్స్ రుజువు చేయడానికి ఇరవై మూడు శతాబ్దాలు పట్టింది. 1974లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో హెడ్‌హమ్మర్ బృందం గ్రేట్ డేన్ పిల్లల మీద పరిశోధన చేసింది. కొన్నిటికి తిన్నంత పెట్టారు. కొన్నిటికి అందులో మూడింట రెండు వంతులే పెట్టారు. తిన్నంత తిన్న పిల్లలకే ఎముకల జబ్బులు ఎక్కువగా వచ్చాయి. 1980లలో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో హాజెవింకెల్ బృందం, మళ్లీ గ్రేట్ డేన్ పిల్లల మీదే, కాల్షియం ఎక్కువైతే కుంటితనం, ఎముకల వంకర వస్తాయని తేల్చింది. ఎదిగిన కుక్క అక్కర్లేని కాల్షియాన్ని పేగులోనే ఆపుకోగలదు. పసిపిల్ల ఆపుకోలేదు, పెట్టిందంతా ఒంటికి పట్టేస్తుంది. అమెరికాలో ఇప్పుడు పెద్ద జాతి పిల్లల దాణాలో, తేమ తీసేసి లెక్కిస్తే, కాల్షియం 1.8 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. మరి మనం దాణా మీద మళ్లీ సిరప్పు పోస్తే ఏమవుతుంది? 2002లో వెలువడిన ఇంకొక పరిశోధనలో 48 లాబ్రడార్లను జీవితాంతం గమనించారు. నాలుగో వంతు తక్కువ తిన్నవి ఇంచుమించు రెండేళ్లు ఎక్కువ బతికాయి.

ఇంట్లో పాటించవలసినవి

రెండు మూడు నెలల వయసులో రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, ఆ తర్వాత జీవితాంతం రెండుసార్లు తిండి పెట్టాలి. పెద్ద జాతి పిల్లల కోసం చేసిన దాణా పెడుతుంటే విడిగా కాల్షియం, గుడ్డు పెంకుల పొడి, ఎముకల పొడి డాక్టరు చెబితే తప్ప వద్దు. పిల్ల బొద్దుగా ఉందంటే సంతోషించవద్దు. పక్క మీద చెయ్యి వేస్తే పక్కటెముకలు తగలాలి. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్, ఉడికించిన ఎముకలు దగ్గరికి రానివ్వకూడదు. రోజంతటి తిండీ ఒకేసారి పెట్టడం, తిన్న వెంటనే పరిగెత్తించడం మానాలి. లోతైన ఛాతీ ఉన్న ఈ జాతుల్లో కడుపు ఉబ్బి మెలితిరిగితే గంటల్లో ప్రాణం పోతుంది. కడుపు ఉబ్బి, వాంతి రాక ఓకరిస్తుంటే అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి పరుగెత్తాలి.

నున్నటి గ్రానైట్ గచ్చు మీద గోనెపట్టా పరవండి. ఏడాదిన్నర దాకా మేడమెట్లు పరుగెత్తించడం, ఎత్తు నుంచి దూకించడం వద్దు. విజయవాడ ఎండల్లో సెయింట్ బెర్నార్డ్‌ను పెంచాలనుకునే వాళ్లు ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

ట్రైనింగ్ ఇంటికి తెచ్చిన రోజే మొదలు. మూడు నుంచి పన్నెండు వారాల మధ్య చూసిన మనుషులూ, విన్న చప్పుళ్లూ కుక్కకు జీవితాంతం అలవాటై ఉంటాయని స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు 1965లో తమ గ్రంథంలో చూపారు. టీకాలు పూర్తికాకపోతే చంకనెత్తుకునైనా లోకం చూపించండి. ఎనిమిది వారాల పిల్ల మీదికి ఎగిరితే ముద్దుగానే ఉంటుంది. 60 కిలోల కుక్క అదే పని చేస్తే ఇంట్లో పెద్దవాళ్లకు తుంటి ఎముక విరుగుతుంది. కూర్చో, ఆగు, రా, వదులు ఈ నాలుగు మాటలు ఇంటిల్లిపాదీ ఒకే రకంగా చెప్పాలి. రోజూ రెండు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు చాలు. కొట్టక్కర్లేదు. 1917లో బ్రిటిష్ వార్ డాగ్ స్కూలు నెలకొల్పిన రిచర్డ్‌సన్ దొర కూడా దయతోనే నేర్పాలన్నాడు. తాడు లాగకుండా నడవడం అది పది కిలోలున్నప్పుడే నేర్పాలి. నలభై కిలోలు వచ్చాక అదే మనల్ని నడిపిస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి కూడా రానన్నాడని మనం చదువుకున్నాం. మనల్ని నమ్మి వచ్చిన జీవిని వదలకపోవడం ఎంత ధర్మమో, దాని ఎముక తట్టుకోలేనంత ప్రేమ దాని గిన్నెలో పెట్టకపోవడం కూడా అంతే ధర్మం. మన సభ్యుల్లో ఎవరైనా ఈ ఏడాది అలాంటి పిల్లను ఇంటికి తెచ్చుకుంటే, ముందుగా ఒక కొలత గిన్నె, ఒక తూకం కొనుక్కోండి. గొలుసు సంగతి తర్వాత చూసుకోవచ్చు.