ఖాళీ సముద్రం అన్నదెవరు?

దున్నేవాడిదే భూమి అన్న మాట ఈ దేశంలో కనీసం చట్టాల దాకా వెళ్ళింది. అమలు సంగతి దళితులకు బాగా తెలుసు. మరి వేటాడేవాడిదే సముద్రం అన్న మాట ఎంతమంది విన్నారు? ఆ మాట కోసం మత్స్యకార కులాలు చేసిన పోరాటాలు మన చరిత్ర పుస్తకాల్లోకి ఎందుకు ఎక్కలేదు?

1952లో నార్వే, ఐక్యరాజ్య సమితి, భారత ప్రభుత్వం ఒక ఒప్పందం చేసుకున్నాయి. కేరళలో కొల్లం దగ్గర నీండకర ప్రాంతంలో ప్రాజెక్టు మొదలైంది. జాలర్ల బతుకులు బాగుచేస్తామన్నారు. ఇంతలో అమెరికా, జపాన్‌లలో రొయ్యకు గిరాకీ పెరిగింది. ప్రభుత్వ దృష్టి డాలర్ల మీదికి మళ్ళింది. ఎన్నడూ వల ముట్టనివాళ్ళు కూడా పెట్టుబడి పెట్టి ట్రాలర్లు దించారు. ట్రాల్ వల సముద్రం అడుగును గీకేస్తుంది. గుడ్డూ పిల్లా మిగలదు. తెప్పల వాళ్ళ వలలు తెగిపోయాయి. దీన్ని అభివృద్ధి అన్నారు. తరతరాల తెలివి ఉన్న తెప్పకేమో వెనకబాటుతనం అని పేరు పెట్టారు.

1970లలో గోవా రాంపణ్‌కార్లు, తమిళనాడు, కేరళ జాలర్లు ట్రాలర్ల మీద తిరగబడ్డారు. 1978లో దేశవ్యాప్త వేదిక ఏర్పడింది. అదే తర్వాత నేషనల్ ఫిష్‌వర్కర్స్ ఫోరం అయింది. 1980లో కేరళ చట్టం తెచ్చింది. అయినా వానాకాలంలో ట్రాలింగ్ నిషేధం కోసం 1988 దాకా కొట్లాడాల్సి వచ్చింది. ఏ హక్కూ అడగకుండా రాలేదు.

ఆడవాళ్ళ పోరాటం ఇంకొకటి ఉంది. తిరువనంతపురం జిల్లాలో చేపల గంపతో బస్సెక్కబోతే నీచు కంపని దించేసేవారు. మైళ్ళ కొద్దీ నడిచి అమ్ముకునేవారు. వాళ్ళు ఉద్యమిస్తే 1980ల మొదట్లో ప్రత్యేక బస్సులు వచ్చాయి. చేప తినడానికి లేని మైల, చేప మోసే మనిషికెట్లా అంటింది? ఈ ప్రశ్న దళితులకు కొత్తగా చెప్పాలా?

1991లో కొత్త ఆర్థిక విధానంతో పాటే లోతు సముద్రపు వేట విధానం వచ్చింది. విదేశీ కంపెనీలతో ఉమ్మడి వ్యాపారానికి, అద్దె ఓడలకు తలుపులు తీశారు. లోతు సముద్రంలో సంపద ఖాళీగా పడి ఉందన్నది పాలకుల వాదన. చేపకు ఆ సరిహద్దులు తెలుసా? పెద్ద ఓడలు ఏం చేస్తాయో విశాఖ రేవు ముందే చూసింది. అక్కడి నుంచి వెళ్ళిన ట్రాలర్లు బెంగాల్ వైపు రొయ్యలు పట్టి, వలలో పడ్డ మిగతా చేపలను చాలావరకు సముద్రంలోనే పారబోశాయి.

1994లో రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ నవంబరులోనూ, తీరమంతటా సమ్మె జరిగింది. 1995లో థామస్ కోచేరి పోర్‌బందర్‌లో నిరాహార దీక్ష చేశారు. ప్రభుత్వం మురారి కమిటీ వేసింది. ఉమ్మడి వ్యాపార, అద్దె ఓడల అనుమతులు రద్దు చేయాలని, కొత్తవి ఇవ్వొద్దని 1996లో ఆ కమిటీ చెప్పింది. పోరాడకపోతే ఆ కమిటీయే లేదు.

అయితే ఆ పోరాటంలో మరబోట్ల యజమానులూ కలిశారు. నిన్నటిదాకా తెప్పల వాళ్ళు ఎదిరించింది వాళ్ళనే. విదేశీ ఓడ అందరికీ శత్రువు కాబట్టి ఐక్యత కుదిరింది. కానీ మన తీరంలో పడవ ఎవరిది, కూలి ఎవరిది అన్న ప్రశ్న అట్లాగే మిగిలింది. దాన్ని వాయిదా వేసిన ఐక్యత ఎవరికి లాభించిందో చర్చించాలి.

గెలుపు కూడా నిలకడగా లేదు. 2002లో అనుమతి పత్రాల పథకం పేరుతో పెద్ద ఓడలు మళ్ళీ వచ్చాయి. 2014లో మీనాకుమారి కమిటీ నివేదిక మీద మత్స్యకార సంఘాలు మళ్ళీ రోడ్డెక్కాయి. 2017లో ఆ పథకం రద్దయింది.

ఆంధ్ర తీరంలో వాడబలిజ, జాలరి, పల్లి, అగ్నికుల క్షత్రియ కులాలు బీసీ-ఎ జాబితాలో ఉన్నాయి. దళిత ఉద్యమం వీళ్ళను పక్కవాళ్ళుగానే చూసింది. వాడకు ఊరు దూరమైనట్టే పల్లెకూ దూరమైంది. చేతిపనిని నీచమని, ఆ పని చేసే చోటును ఖాళీ అని చెప్పి లాక్కోవడం ఇద్దరి చరిత్రలోనూ ఉంది. బంజరు భూమి అని వాడ నుంచి, ఖాళీ సముద్రం అని పల్లె నుంచి. ఉపాధ్యాయులు, విద్యార్థులు ఈ రెండు చరిత్రలనూ ఒకచోట పెట్టి చదవాలి. తీరం మీద బతికున్న పెద్దవాళ్ళ నోటి నుంచి ఆ సమ్మెల కథ రాసుకోవాలి. మనం రాయకపోతే దాన్ని ప్రభుత్వ కాగితాల్లోనే చదువుకోవాల్సి వస్తుంది.