లోకపాలన విద్య – శ్రీహరికోట పాఠము

గడచిన వేసవిలో సూళ్లూరుపేట దగ్గఱి పల్లెనుండి ఒక వృద్ధుడు మా యింటికి వచ్చెను. ఆయన కుమారుడు నా యొద్ద చదువుకొన్నవాడు. అరుగుమీద కూర్చుండి, మజ్జిగ పుచ్చుకొని, తన సందేహమును నా ముందుంచెను.

“అయ్యవారూ, మా మనుమరాలు బి.ఏ. ముగించినది. ఇంకను రెండేండ్లు చదువుదునని పట్టుపట్టి కూర్చున్నది. ఆ చదువు పేరు ప్రజావిధానమట, ప్రపంచపాలనమట. ఇంజనీరు చదువు కాదు, వైద్యము కాదు, తాసీల్దారు పరీక్షయు కాదు. మన యూరి చెఱువుకట్ట తెగినచో పూడ్చించు దిక్కు లేదు. ప్రపంచమును పాలించుటకు ఈ పిల్ల పోవలెనా?”

నేను వెంటనే బదులు చెప్పలేదు. ఆయన పుట్టినది శ్రీహరికోట దీవిలో. ఆయన ప్రశ్నకు సమాధానము ఆ దీవి చరిత్రలోనే యున్నదని నాకు తోచినది. నాడు ఆయనతో చెప్పినదానినే నేడు మీకును విన్నవించుచున్నాను. ఇట్టి ప్రశ్న మీలో అనేకుల యిండ్లలో పుట్టుచుండవచ్చును గదా.

ముందుగా ఈ విద్య క్రొత్తది కాదని చెప్పవలెను. కౌటిల్యుని అర్థశాస్త్రము రాజు తన ప్రజలను పాలించు విధమునే గాక, చుట్టునున్న రాజులతో నడుచుకొనవలసిన విధమును గూడ చెప్పినది. పండ్రెండుగురు రాజుల మండలమని పేరుపెట్టి, మిత్రు డెవడు, శత్రు వెవడు, నడుమ నిలుచువా డెవడు అని విభజించినది. చాలకాలము మఱుగుపడిన ఆ గ్రంథము 1905లో మైసూరునందు శ్యామశాస్త్రిగారికి తాళపత్రములలో దొరకి, 1909లో అచ్చుపడినది. మన తెలుగునందును బద్దెన నీతిశాస్త్రముక్తావళిని, మడికి సింగన సకలనీతిసమ్మతమును సమకూర్చిరి. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోనే రాజనీతిని పొందుపఱచెను.

నాటికిని నేటికిని భేద మొక్కటే. నాడు ఈ విద్య రాజకుమారునికి చెప్పబడెడిది. నేడు ఓటుగల ప్రతివాడును రాజకుమారుడే. మనము చెన్నరాజధానిలో నున్న కాలముననే, 1937లో, మద్రాసు విశ్వవిద్యాలయము పరిపాలనాశాస్త్రమునందు డిప్లొమాను నెలకొల్పినది. 1954లో ఢిల్లీయందు భారత పరిపాలనాసంస్థ వెలసినది. ఇటీవల హైదరాబాదులోని గీతం విశ్వవిద్యాలయమున కౌటిల్యుని పేరనే ఒక ప్రజావిధాన విద్యాలయము ఏర్పడినది. పట్టభద్రులైన పిమ్మట రెండేండ్లు చదువు చదువు ఇది. ధనమెట్లు సమకూడును, చట్టమెట్లు పుట్టును, ఒక ప్రభుత్వనిర్ణయము వలన ఎవరికి లాభము, ఎవరికి నష్టము, దేశముల నడుమ ఒడంబడికలెట్లు కుదురును, ఎట్లు చెడును అనునవి ఇందలి విషయములు.

ఇక శ్రీహరికోట మాట. తూర్పున బంగాళాఖాతము, పడమట పులికాట్ సరస్సు, నడుమ సన్నని ఇసుకదీవి. సరుగుడు, చౌడుభూములు, చిట్టడవి. ఆ యడవిలో దుంపలు త్రవ్వుకొని, తేనె తీసి, చేపలు పట్టి జీవించిన యానాదులే అందలి ప్రాచీననివాసులు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ యడవి దొరతనమువారి చేతికి వచ్చినపుడు యానాదుల బ్రతుకుగూడ దానితోనే దొరతనము క్రిందికి వచ్చినది. దీవిని గూర్చిన నిర్ణయములు దీవి బయట జరుగుట నాడే మొదలైనదని మనము గమనింపవలెను.

1969లో భారతప్రభుత్వము రాకెట్టు కేంద్రమునకు ఈ దీవి నెన్నుకొన్నది. కారణములు మూడు. భూమధ్యరేఖకు ఉత్తరముగా పదుమూడు డిగ్రీల చిల్లరలోనే యుండుటవలన భూమి తిరుగు వేగము రాకెట్టునకు సెకనుకు సుమారు 450 మీటర్ల మేర సాయపడును. తూర్పున అంతయు సముద్రమే గనుక విఱిగిపడిన తునుకలు జనులపై పడవు. చుట్టును జనసంచారము తక్కువ. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి యను చిన్న రాకెట్టు ఇచటనుండి మొదట లేచినది. 1979 ఆగస్టులో ఉపగ్రహమును మోసికొనిపోయిన మొదటి ప్రయత్నము విఫలమైనది. 1980 జూలై 18న రెండవ ప్రయత్నము ఫలించినది. 2002లో ఈ కేంద్రమునకు సతీశ్ ధావన్ గారి పేరు పెట్టబడినది. నెల్లూరుజిల్లాలో నుండిన ఈ ప్రాంతము 2022 ఏప్రిలునుండి తిరుపతిజిల్లాలో చేరినది.

కేంద్రము వచ్చునపుడు దీవిలోని పల్లెలు లేచిపోయినవి. కొన్ని యానాది కుటుంబములు మాత్రము దీవిలోనే నేటికిని నివసించుచున్నవి. మా యరుగుమీద కూర్చున్న వృద్ధుడు నాడు ఇరువదేండ్లలోపు పడుచువాడు. “కాగితము వచ్చినది, అయ్యవారూ. మాలో దానిని చదువగలవాడు లేడు. పొరుగూరివాడొకడు చదివి చెప్పినాడు. మా నాయన వ్రేలిముద్ర వేసినాడు. దేశమునకు మంచి జరుగునన్నారు, జరిగినది. అందుకు నాకు గర్వమే. అయితే మా నాయన ఆ కాగితమును చాలకాలము పెట్టెలో దాచుకొని, ఇంటికి వచ్చిన చదువుకొన్నవారికెల్ల చూపి, ఇందులో ఏమున్నదని అడుగుచుండెడివాడు” అని ఆయన చెప్పెను. ఈ మాటను దయతో గుర్తుంచుకొనుడు. మరల దీనియొద్దకే వచ్చెదను.

ఇపుడు పల్లెలో మనకు నిత్యానుభవమైన మూడు తగవులను తలచుకొందము: చూరునీటి తగవు, పెంకు తగవు, నీటివంతు తగవు.

మన చూరునీరు పొరుగువాని దొడ్డిలో పడరాదు. అది పల్లెధర్మము. భూమిని ఉత్తరదక్షిణములుగా చుట్టివచ్చు ఉపగ్రహములను పంపవలెనన్న రాకెట్టు దక్షిణమునకు పోవలెను. శ్రీహరికోటనుండి తిన్నగా పోయినచో సింహళము అడ్డము వచ్చును. కాలిపోయిన భాగములు ఆ దేశమువారి నెత్తిన పడరాదు. అందుచేత మన రాకెట్టు మొదట ఆగ్నేయముగా పోయి, పిమ్మట దక్షిణమునకు మళ్లును. ఈ వంకరత్రోవకు ఇంధనము ఎక్కువ ఖర్చగును. ఆ మేరకు మోయగల బరువు తగ్గును. చిన్న రాకెట్టులకు ఈ నష్టము మఱింత భారము. తమిళదేశమున కులశేఖరపట్టణమునందు రెండవ కేంద్రమునకు 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరుగుటకు ముఖ్యకారణ మిదియే. అచటనుండి దక్షిణముగా అంతయు సముద్రమే.

ఇక రెండవది. మన యింటి పెంకు జాఱి పొరుగువాని తల పగిలినచో ఎవరు బాధ్యులు? 1967 నాటి అంతరిక్ష ఒడంబడికలో లోకమందలి దేశములు ఆకాశము ఏ దేశమునకును సొత్తు కాదనియు, ఆకాశమునకు పంపిన వస్తువునకు పంపిన దేశమే బాధ్యత వహింపవలెననియు ఒప్పుకొన్నవి. మన దేశము దానిని 1982లో ధ్రువపఱచినది. 1972 నాటి మఱియొక ఒడంబడిక ఇంకను కఠినము. నేలమీద నష్టము జరిగినపుడు, తప్పు ఎవరిదని నిరూపింప నక్కఱలేదు. పంపినవాడు పరిహార మీయవలసినదే. పంపినవాడన ఎవడు? ఉపగ్రహము గలవాడు మాత్రమే కాదు, ఎవని నేలమీదనుండి లేచినదో వాడును. 2017 ఫిబ్రవరి 15న శ్రీహరికోటనుండి ఒక్క రాకెట్టు 104 ఉపగ్రహములను మోసికొనిపోయినది. వానిలో 101 పరదేశములవి. వానికన్నిటికిని మన నేల పూచీ పడినదన్న మాట.

ఈ ఒడంబడికలు కాగితముమీది యక్షరములు మాత్రమే కావు. 1978 జనవరి 24న రష్యావారి కాస్మాస్ 954 అను ఉపగ్రహము, తనలోని అణుయంత్రముతో సహా, కెనడాదేశపు ఉత్తరభూములలో కూలెను. కెనడావారు ఆఱుమిలియనుల డాలరులకు పైగా అడిగిరి. బేరము సాగి సాగి 1981లో మూడుమిలియనులకు తేలినది. మనకును ఇట్టి యనుభవము కలిగినది. 2023 జూలైలో పడమటి ఆస్ట్రేలియా సముద్రతీరమునకు ఒక పెద్ద గుండ్రని లోహభాండము కొట్టుకొనివచ్చెను. అది మన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మూడవ యంతస్తు అయియుండునని ఆ దేశపు అంతరిక్షసంస్థ ప్రకటించెను. ఆ రాకెట్టులన్నియు శ్రీహరికోటనుండి లేచినవే. ఎవరికిని దెబ్బ తగులలేదు. రెండు దేశములవారును ఒడంబడికలను ముందుంచుకొని మర్యాదగా మాటలాడుకొనిరి. వేలమైళ్ల దూరమున జాఱిన పెంకునుగూర్చి కొట్లాట లేక మాటలతో తీఱుట ఎవరో కూర్చుండి వ్రాసిన అక్షరముల ఫలము.

మూడవది నీటివంతు. మన చెఱువుల క్రింద నీరుగంటి యుండెడివాడు. ఎవరి మడికి ఎప్పుడు నీరు పాఱవలెనో వాడు చూచును. వాడు లేనిచో మోటుమాటలవాడును, తూముదగ్గఱ పొలముగలవాడును మొత్తము నీటిని మళ్లించుకొందురు. చివరి మడి ఎండును. ఆకాశమందును అట్టి కాలువ కలదు. భూమధ్యరేఖకు పైని సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నిలిపిన ఉపగ్రహము మనకు ఒకేచోట నున్నట్లు కనబడును. తుపానును కనిపెట్టుటకును, రేడియో, టెలివిజన్ వార్తలను చేర్చుటకును ఆ చోటు అమూల్యము. ఆ చోటులును, ఆ రేడియోతరంగముల వంతులును ఏర్పఱచు నీరుగంటి జెనీవానగరమందలి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య. అది 1865లో తంతివార్తల కొఱకు పుట్టినది. 1976లో భూమధ్యరేఖమీది ఎనిమిది దేశములు బొగోటానగరమున కూడి, తమ నెత్తిమీది భాగము తమదేనని చాటినవి. లోకము ఒప్పుకొనలేదు. అయినను, ముందు వచ్చినవాడే అన్నియు పట్టుకొనినచో చివరి మడివాని గతి యేమని బీదదేశములు అడిగిన ప్రశ్న వ్యర్థము కాలేదు. 1980ల నాటి సభలలో ప్రతి దేశమునకును కొంత వంతు ముందుగనే విడిచియుంచవలెనన్న ఏర్పాటు కుదిరినది.

వంతులు పంచుచోట మనవాడు లేనిచో ఏమగునో దానికిని మన చరిత్రలో నిదర్శనము కలదు. 1987లో కొన్ని ధనికదేశములు క్షిపణుల యంత్రవిద్య ఇతరులకు పోకుండ ఒక కట్టడి చేసికొనెను. ఆ కూటమిలో మనము లేము. 1991లో శీతలేంధనయంత్రములకై రష్యావారితో మనము ఒడంబడిక చేసికొంటిమి. ఆ కట్టడిని చూపి 1992లో అమెరికావారు అడ్డు తగిలిరి. చివరకు యంత్రములు వచ్చినవి గాని వాని విద్య రాలేదు. ఆ విద్యను మనవారు తామే సాధించి, స్వదేశయంత్రముతో శ్రీహరికోటనుండి విజయము పొందునప్పటికి 2014 జనవరి 5వ తేదీ వచ్చినది. 2016లో మన దేశము ఆ కూటమిలోనే సభ్యురాలైనది. మన శాస్త్రజ్ఞుల దీక్షకు నమస్కారము. కాని వారి కష్టమునకు కారణము లోహము కాదు, నిప్పు కాదు. మనము లేని గదిలో వ్రాయబడిన ఒక కాగితము.

ఇంతవఱకు చెప్పి నే నా వృద్ధునితో నిట్లంటిని: “పెద్దాయనా, మీ నాయనగారి చేతికి వచ్చిన కాగితమును, దేశము చేతికి వచ్చిన ఆ కాగితమును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. రెండిటికిని కావలసినది చదువగలవాడు, చదివి ప్రశ్నింపగలవాడు, మఱల వ్రాయబడునపుడు ఆ గదిలో కూర్చుండగలవాడు. మీ మనుమరాలు నేర్వబోవు విద్య అదియే. రాకెట్టును చేయువాడు ఇంజనీరు. అది ఎవరి యింటిమీదుగా పోవలెను, ఎవరి యూరిని లేపవలెను, లేచినవారికి ఏమి చెల్లవలెను, పెంకు జాఱిన ఎవరు చెల్లింపవలెను అని నిర్ణయించుట వేఱొక విద్య. ఆ విద్య మన పిల్లలకు రానిచో మన నిర్ణయములు ఇతరులు చేయుదురు.”

అయితే ఈ విద్యలోని లోపమును గూడ చెప్పుట నా ధర్మము. పుస్తకములలో లోకమును చదివి, పల్లెను చూడనివాడు ఇందులో సులభముగా పండితుడగును. పటములోని దీవి అతనికి కొన్ని వేల యకరముల నిర్జనభూమి. అందు దుంపలు త్రవ్వుకొను యానాది పటమున కనబడడు. కావున ఆ బాలిక పట్టణమునకు పోవుటకు ముందు నెలదినములు తాతయొద్ద కూర్చుండి, దీవి విడిచిననాటి కథ వినవలెననియు, దానిని తన మొదటి పాఠముగా వ్రాసికొనవలెననియు చెప్పితిని.

ఆయన చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, “అయ్యవారూ, ఆ పుస్తకములలో మావంటివారి మాట ఉండునా?” అని అడిగెను. “కొన్నిటిలో నుండును, పెక్కింటిలో నుండదు. ఉండని చోట మీ మనుమరాలు వ్రాయవలెను” అంటిని. ఆయన కండువా దులిపి భుజముమీద వేసికొని, బస్సు వేళ యగుచున్నదని లేచెను. గడపదగ్గఱ నిలిచి, “మా నాయన పెట్టె యింకను ఇంటనే యున్నది. కాగితము చీకినది గాని అక్షరములు నిలిచినవి. పిల్లచేత చదివించెదను” అని పోయెను.

ఆ బాలిక ఇపుడు ఆ చదువే చదువుచున్నది. శ్రోతలారా, మీ యింటను ఇట్టి పట్టుపట్టిన మనుమడో మనుమరాలో యున్నచో, ఆ చదువు పేరు విని తొందరపడి వలదనకుడు. మీ పెట్టెలలో దాచిన పాతకాగితములను బయటికి తీసి, ముందుగా వారిచేత చదివింపుడు.