సమాన వేతనం: చట్టం ఎంతవరకు వచ్చింది?

ఆడకూలి, మగకూలి అని రెండు రేట్లు ఉండటం ఒకప్పుడు ఎవరికీ తప్పనిపించలేదు. తేయాకు తోటల్లోనైతే ఆడవాళ్లకు తక్కువ రేటును బాహాటంగానే నిర్ణయించేవారు. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం, సమాన పనికి సమాన వేతనం ఉండాలని 39(డి) అధికరణంలో చెప్పింది. కానీ అది ఆదేశిక సూత్రం. అమలు చేయలేదని నేరుగా కోర్టుకెక్కే వీల్లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన సమాన వేతన ఒడంబడికను భారత్ 1958లో ఆమోదించినా రెండు రేట్లూ అలాగే సాగాయి.

1974లో మహిళల స్థితిగతులపై ‘టువర్డ్స్ ఈక్వాలిటీ’ నివేదిక వచ్చాక కదలిక మొదలైంది. మరుసటి ఏడాది, అంతర్జాతీయ మహిళా సంవత్సరంలో, ఆర్డినెన్సు. 1976లో సమాన వేతన చట్టం. ఒకే పనికైనా, ఒకే తరహా పనికైనా ఆడామగా తేడా చూపరాదని, ఆ తేడా సరిచేసే పేరుతో మగవాళ్ల జీతం తగ్గించరాదని ఆ చట్టం చెప్పింది.

దాని పదును ఆడ్రీ డికోస్టా కేసులో తేలింది. ఆమె మెకినన్ మెకంజీ కంపెనీలో స్టెనోగ్రాఫర్. అదే పని చేసే మగ స్టెనోలకు ఎక్కువ జీతం. యూనియన్‌తో ఒప్పందం ప్రకారమే ఇస్తున్నామని కంపెనీ వాదించింది, ఆర్థిక ఇబ్బందులూ చెప్పుకుంది. ఈ చట్టం వర్తించడం యాజమాన్యం స్తోమతపై ఆధారపడదని, ఒప్పందం ఉన్నంత మాత్రాన వివక్ష చెల్లదని 1987లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఆఫీసులో పోల్చి చూపడానికి పక్క సీట్లో మగ ఉద్యోగి ఉన్నాడు. పొలంలో ఆ అవకాశమే తక్కువ. నాట్లు, కలుపు ఎక్కువగా ఆడవాళ్లవి. దుక్కి, మందు కొట్టడం మగవాళ్లవి. పొద్దున్నుంచి బురదలో నడుం వంచి, వెనక్కి అడుగేస్తూ, సమాన దూరంలో నారు గుచ్చే పని ఎంత కష్టమో, ఎంత నేర్పు కావాలో చేసినవాళ్లకే తెలుసు. అయినా అది ‘ఆడవాళ్ల పని’ కాబట్టి రేటు తక్కువ. పనినే విడదీశాక, ‘ఒకే పని’ అన్న చట్టం మాట అక్కడికి చేరలేదు.

ఆడ పని, మగ పని అన్న ఆ గోడను ఉపాధి హామీ పథకం కొంత కదిలించింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఈ పథకంలో ఆడామగా అందరికీ ఒకే రేటు. తర్వాతి ఏళ్లలో దేశం మొత్తం మీద సగానికి పైగా పనిదినాలు మహిళలవే అయ్యాయి.

1976 చట్టం ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లో కలిసింది. సూత్రం నిలిచింది, పాత చిక్కూ నిలిచింది. కనీస వేతనాలు నిర్ణయించేటప్పుడు నైపుణ్యం, శ్రమ లెక్కలోకి వస్తాయి. నాటు వేసే చేతి నేర్పునూ, నడుం నొప్పినీ ఆ లెక్కలో నిజాయితీగా కట్టాలి. ‘ఆడవాళ్ల పని’ అంటూ వేరు చేసి ధర తగ్గించినంత కాలం సమాన వేతనం పొలం గట్టు దాటి లోపలికి రాదు.