కోడియు, కుంపటియు: గ్రుడ్లు పొదిగించు విద్య

తన కోడియు, తన కుంపటియు లేనిచో ఊరికి తెల్లవారదని తలచిన ముసలమ్మ కథ ఎరుగని తెలుగువారుండరు. ఆమె కోడి కూసినపుడు ఊరు మేల్కొనుచుండెను. ఆమె కుంపటినుండి నిప్పు గొనిపోయి ఇరుగుపొరుగువారు పొయ్యి రాజవేసికొనుచుండిరి. ఆ కోడికిని, కుంపటికిని మరియొక సంబంధము కలదు. కోడి లేకయే, కేవలము కుంపటి వేడిచేత గ్రుడ్లను పొదిగింపవచ్చునని మానవుడు రెండువేల యేండ్లకు పూర్వమే గ్రహించెను. ఆ విద్య ఎట్లు పెరిగి మన యిండ్లకు వచ్చినది, దానివలన మనకు కలిగిన లాభమేమి, కోడికి కలిగిన నష్టమేమి అనునది ఈ ప్రసంగమునకు విషయము.

పొదుగుచున్న కోడి ఊరక కూర్చున్నట్లు కనబడును. కాని ఆ 21 దినములలో అది చేయు పని చిన్నది కాదు. రొమ్ము క్రింది చర్మపు వెచ్చదనమును గ్రుడ్లకు అందించుచు, దినమునకు పలుమారులు ముక్కుతో వానిని త్రిప్పుచుండును. త్రిప్పనిచో లోని పిండము పెంకులోపలి పొరకు అంటుకొని చచ్చును. పెంకు గట్టిగా కనబడినను దానియందు వేలకొలది సన్నని రంధ్రములు గలవు. వానిగుండ గాలి లోనికి పోవును, తేమ వెలికి వచ్చును. పిల్ల వెలువడునాటికి గ్రుడ్డు తన బరువులో సుమారు ఎనిమిదవ వంతు కోల్పోవును. కాబట్టి కోడికి మారుగా నిలువదలచినవాడు వేడి, గాలి, తేమ, త్రిప్పుట అను నాలుగింటిని గమనింపవలెను. వీనిలో వేడియే మిక్కిలి కష్టమైనది. అది ఇంచుమించు 100 ఫారన్‌హీటు డిగ్రీలు, అనగా 37.8 సెంటిగ్రేడు డిగ్రీల దాపున నిలువవలెను. కొంచెము తగ్గినచో పిల్ల ఆలస్యమగును. నాలుగైదు డిగ్రీలు హెచ్చి చాలసేపు నిలిచినచో పిండము బ్రతుకుట కష్టము.

ఉష్ణమాపకము లేని కాలమున ఈ పనిని సాధించినవారు ఈజిప్టు దేశస్థులు. క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దమున అరిస్టాటిల్, ఆ దేశమున గ్రుడ్లను పెంటలో పాతి పొదిగింతురని వ్రాసెను. క్రీ.పూ. 1వ శతాబ్దమున డయొడోరస్ అను చరిత్రకారుడు, అచటివారు పక్షుల సాయము లేక తమ నేర్పుచేతనే లెక్కలేనన్ని పిల్లలను పుట్టింతురని చెప్పెను. తరువాతి యాత్రికులు ఆ పొదుగు ఆవములను చూచి వర్ణించిరి. అవి ఇటుకలతో కట్టిన పొడవైన కట్టడములు. నడుమ ఇరుకైన నడవ, దానికి ఇరువైపుల గదుల వరుసలు, ప్రతి గదికి రెండంతస్తులు. క్రింద గ్రుడ్లు, పైన నిప్పు. ఆ నిప్పునకు పేడయు, గడ్డియు ఇంధనములు. మంటలేక మెల్లగా రాజు నిప్పే అచట కావలసినది. కప్పునందలి రంధ్రములను తెరచుచు, మూయుచు వేడిని సరిచేయుదురు. కొన్ని దినములు గడచిన పిమ్మట నిప్పు ఆపుదురు. ఏలయన, ఎదుగుచున్న పిండములే వేడిని పుట్టించును. చైనా దేశస్థులును ఈ రహస్యమును ఎరుగుదురు. వారు గ్రుడ్లను వెచ్చజేసిన వడ్లతో బుట్టలలో పేర్చి, ముదిరిన గ్రుడ్ల వేడితో క్రొత్త గ్రుడ్లను పొదిగించిరి.

ఈజిప్టు పనివానికి కొలబద్ద అతని కనురెప్పయే. గ్రుడ్డును రెప్పకు ఆనించుకొని, వేడి చాలునో, మించెనో చెప్పగలిగెడివాడు. నైలునది సంగమభూమిలోని బెర్మా గ్రామస్థులు ఈ విద్యకు ప్రసిద్ధులు. తండ్రినుండి కొడుకునకు సంక్రమించుటయే గాని ఇది పరులకు అందెడిది కాదు. తమకు అప్పగించిన గ్రుడ్లలో మూడింట రెండు వంతులకు సరిపడు పిల్లలను వారు యజమానికి ఒప్పగింపవలెను. అంతకు మించినవి వారి లాభము. జాన్ మాండెవిల్ పేర 14వ శతాబ్దమున వెలసిన యాత్రాగ్రంథమునందు, కైరో నగరపు స్త్రీలు తమ గ్రుడ్లను అందరికి ఉమ్మడియైన ఆవమునకు తెచ్చి యిచ్చి, పిల్లలైన పిమ్మట గొనిపోవుదురని కలదు. మన పల్లెలలో మరకు వడ్లు పట్టుకొనిపోయినట్లే ఇదియు.

పొదుగబెట్టిన గ్రుడ్డులోపల ఏమి జరుగుచున్నదో తెలిసికొనుట వేరొక సమస్య. అరిస్టాటిల్ దినమునకొక గ్రుడ్డు చొప్పున పగులగొట్టి చూచి, మూడవనాటికి గుండె నెత్తుటి చుక్కవలె కొట్టుకొనుచుండునని వ్రాసెను. కాని అట్లు చూచుటకు ఆ ప్రాణమును చంపవలెను. చంపకయే చూడదగిన ఉపాయము రోమను రైతులకు తెలియును. క్రీ.పూ. 37లో తన వ్యవసాయగ్రంథమును వ్రాసిన వర్రో, వెలుగునకు పట్టినపుడు పారదర్శకముగా కనబడు గ్రుడ్డు వట్టిదని చెప్పెను. ప్లినీ యింకను స్పష్టముగా, నాలుగవనాడు గ్రుడ్డును వెలుగునకెదురుగా పట్టవలెననియు, అంతటను ఒకే రంగుగా తేటగా నుండినచో దానిని తీసి వేరొకటి పెట్టవలెననియు వ్రాసెను. అట్లే నేటి దీపపరీక్ష రెండువేల యేండ్ల నాటిది. తరువాత కొవ్వొత్తియు, కిరసనాయిలు దీపమును, విద్యుద్దీపమును వచ్చినవి గాని, ఆంగ్లభాషలో ఈ పరీక్షకు కొవ్వొత్తి పేరే నేటికిని నిలిచియున్నది.

కనురెప్పను విడిచి ఈ విద్య కొలతకు లోబడుట 18వ శతాబ్దమున జరిగెను. టస్కనీ ప్రభువు బెర్మా పనివానినే ఇటలీకి రప్పించుకొనెనని ప్రతీతి. అంతకంటె మేలైన మార్గమును చూపినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెయోమ్యూర్. తన పేరిటి ఉష్ణమాపకమును నిర్మించిన ఇతడు, బెర్మా వాని చర్మమునకు తెలిసిన దానిని గాజుగొట్టమునకు నేర్పినచో ఎవడైనను గ్రుడ్లు పొదిగింపగలడని తలచెను. పీపాలను వేడిపెంటలో పాతి, వానియందు గ్రుడ్లనుంచి ప్రయత్నించెను. మొదట పిండములు పెంట ఆవిరికి నశించినవి. ఆ ఆవిరి సోకకుండ కట్టుదిట్టము చేసిన పిదప పిల్లలు వెలువడినవి. 1749లో తన గ్రంథమును రెండు సంపుటములుగా ప్రకటించెను. ఉష్ణమాపకము కొనలేని యింటివారికి ఆయన చెప్పిన ఉపాయము ముచ్చటైనది: వెన్నను, పశువుల క్రొవ్వును కలిపి కరగించి చిన్న సీసాలో పోసి గ్రుడ్లచెంత నుంచవలెను. అది కరగు తీరును బట్టి వేడిని గుర్తింపవచ్చును.

ఎంత కొలత యున్నను, రాత్రియంతయు మేల్కొని నిప్పును కాచువాడు కావలెను గదా. వేడిని దానంతటదియే సరిచేసికొను పొయ్యిని 17వ శతాబ్దపు మొదటిభాగముననే డచ్చి దేశీయుడగు డ్రెబెల్ కల్పించెను. కాని ఇంట వాడదగిన పెట్టె నిలకడగా పనిచేయుట 1881లో ఇంగ్లండునందు చార్లెస్ హియర్సన్ చేతిమీదుగా జరిగెను. ఆయన ఒక సన్నని లోహపు గుళికలో, కావలసిన వేడికి ఆవిరియగు ద్రవమును నింపెను. వేడి హెచ్చినచో గుళిక ఉబ్బి, ఒక కమ్మీని ఎత్తి, దీపముపైని మూతను తెరచును. వేడి తగ్గినచో మూత దిగును. అమెరికాలో 1879 నాటికే లైమన్ బైస్ కాలిఫోర్నియాలోని పెటలూమా పట్టణమున పొదుగుపెట్టెను నిర్మింపగా, ఆ ఊరు గ్రుడ్ల వ్యాపారమునకు పేరొందెను.

నేడు ఇంటిలో పొదిగించువారికిని ఆ పాతసూత్రములే ఆధారము. ఏడవనాటి రాత్రి చీకటిగదిలో, అట్టపెట్టెలో విద్యుద్దీపము నుంచి, పెట్టెకు గ్రుడ్డుకన్న చిన్నదగు రంధ్రము చేసి, గ్రుడ్డు లావుకొనను దానికి ఆనించి చూడవలెను. ఎర్రని నరములు సాలెపురుగు కాళ్లవలె వ్యాపించియుండినచో పిండము సజీవము. అంతయు తేటగా నున్నది బీజములేని గ్రుడ్డు. నెత్తురు ఉంగరమువలె కనబడినచో పిండము చచ్చినదని యర్థము. అట్టివానిని తీసివేయవలెను, మురిగిన గ్రుడ్డు పగిలినచో తక్కినవానిని కూడ చెడగొట్టును. పదునాలుగవనాడు మరల చూడవలెను. పదునెనిమిదవనాటికి లావుకొనయందలి గాలిగది తప్ప తక్కినదంతయు చీకటి. అప్పటినుండి త్రిప్పుట మాని, తేమ హెచ్చింపవలెను.

ఇంతవరకు లాభము. నష్టము మాట యేమి? 1200 ప్రాంతమున ఈజిప్టును చూచిన బాగ్దాదు వైద్యుడు అబ్దుల్ లతీఫ్, ఆ దేశమున కోడి క్రింద పొదిగించుట అరుదని వ్రాసెను. పొదుగు కోడి ఆ దినములందు గ్రుడ్లు పెట్టదు. కావున ఆవములును, పెట్టెలును ఉన్నచోట, పొదుగుటకు కూర్చుండని కోళ్లనే జనులు ఎంచి పెంచిరి. తరతరములుగా అట్లెంచుటచేత తెల్ల లెగ్‌హార్న్ వంటి జాతులలో పొదుగు గుణము దాదాపు నశించెను. ఏటికి మూడువందల గ్రుడ్లు పెట్టుట వానికి సాధ్యము గాని, ఒక్కదానిని పిల్లగా చేయుట తెలియదు. వేల యేండ్లు కోడిని చూచి మనిషి నేర్చిన విద్యను, మనిషి ఎంపికచేతనే కోడి పోగొట్టుకొనెను. నేడు అట్టి జాతి కొనసాగుట ఒక తీగెలోని విద్యుత్తు మీదను, దానిని కనిపెట్టియుండు మనిషి మీదను ఆధారపడియున్నది.

మన పల్లెలలో ఈ నష్టము ఇంకను పూర్తికాలేదు. 1988లో హైదరాబాదున నెలకొన్న కోళ్ల పరిశోధనసంస్థ పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ అను జాతులను రూపొందించెను. అయినను గంపలో వరిగడ్డి పరచి, పది పండ్రెండు గ్రుడ్లు పెట్టి నాటుకోడిని కూర్చుండబెట్టు ఇల్లాండ్రు నేటికిని కలరు. శ్రోతలలో పొదుగుపెట్టెను కొనదలచినవారు తప్పక కొనవచ్చును. పిల్లలకు దీపపు వెలుగున పిండపు గుండె కదలుట చూపుటకంటె మంచి పాఠము అరుదు. కాని పెట్టె వచ్చినదని పెరటిలోని పొదుగు కోడిని అమ్మివేయకుడు. కరెంటు పోయిన రాత్రి, పెట్టెలోని గ్రుడ్లను వెచ్చగా కాచుటకు పిలువదగిన దాది అదియే.