చేతి పరీక్షకు వచ్చిన యంత్రము



పక్షవాతము సోకిన మనుష్యుని చేయి యెంతవఱకు బాగుపడినదో యంత్రముచేత కొలుచు పద్ధతి యొకటి యిటీవలి దశాబ్దములలో బయలుదేఱినది. దాని చరిత్రమును నేడు మీకు మనవి చేయదలచితిని. వ్యాకరణముతోను కావ్యములతోను ప్రొద్దు పుచ్చిన ముసలి పంతులునకు యంత్రముల గొడవ యెందులకని మీలో కొందఱికి తోచవచ్చును. ఏండ్ల తరబడి పిల్లల కాగితములకు మార్కులు వేసినవానికి పరీక్ష యనగానే చెవి నిక్కబొడుచుకొనును. ఈ చరిత్రమంతయు పరీక్షను గూర్చినదే. ఈ చేయి నిన్నటికంటె నేడు మేలుగా నున్నదా? ఉన్నయెడల ఎంత? ఆ మాట చెప్పదగిన వా రెవరు?

వ్యాధి క్రొత్తది కాదు. చరకసంహిత చికిత్సాస్థానమున వాతవ్యాధులను చెప్పుచోట పక్షవధమును, ఏకాంగరోగమును పేర్కొనబడియున్నవి. మెదడులోని రక్తనాళము పూడుటచేతనో చిట్లుటచేతనో ఒక భాగము చెడి, దానికి ఎదుటి ప్రక్కనున్న కాలుసేతులు స్వాధీనము తప్పునని నేటి వైద్యులు చెప్పుదురు. మనము చేయి చచ్చుపడినదందుము గాని, మొదట చెడినది చేయి కాదు. కండరము లున్నవి, ఎముక లున్నవి. వానికి రావలసిన యాజ్ఞయే సరిగా వచ్చుటలేదు. ఆజ్ఞ కంటికి కనబడునది కాదు గనుక, చేయి కదలు తీరునుబట్టియే దానిని ఊహింపవలెను. చిక్కంతయు నిచ్చటనే యున్నది. కదలిక క్షణములో జరిగి మాయమగును. కన్ను దాని చివరను మాత్రమే పట్టుకొనగలదు.

కదలికను నిలిపి చూపిన మహనీయులలో ఫ్రాన్సు దేశీయుడగు ఎతియెన్ జూల్ మారే మొదట చెప్పదగినవాడు. ఆయన 1882వ సంవత్సరమున తుపాకివంటి ఫోటోయంత్రమును నిర్మించెను. పిమ్మట మనుష్యులకు నల్లని దుస్తులు తొడిగి, కాలుసేతుల వెంబడి తెల్లని గీతలు పెట్టి, వారు నడచుచుండగా ఒకే పలకపై వరుసగా ఛాయాచిత్రములు తీసెను. మనుష్యుడు మాయమై గీతలు మాత్రము మిగిలెను.

ఆ మార్గముననే నడచి, దానినుండి గొప్ప యర్థము లాగినవాడు రష్యా దేశపు నికొలాయ్ బెర్న్‌స్టైన్. మాస్కోలోని కేంద్ర శ్రామిక సంస్థలో 1922 మొదలు ఆయన పనివారి కదలికలను పరిశీలించెను. సుత్తితో కొట్టువాని చేతికీళ్లకు చిన్న దీపములు కట్టి, తిరుగు చక్రము గుండ వాని వెలుగును పటము తీసెను. అభ్యాసము గల పనివాడు సుత్తిని ప్రతిసారియు ఒకే చోటనే వేయును. అట్లయిన భుజము, మోచేయి, మణికట్టు ప్రతిసారియు ఒకే విధముగా కదలవలెను గదా? కదలలేదు! భుజము తప్పినదానిని మోచేయి సరిదిద్దెను. మోచేయి తప్పినదానిని మణికట్టు సరిదిద్దెను. మారుచున్నవి కీళ్లు, మారనిది పని. ఆరోగ్యవంతుని చేయి ఇంత నేర్పరి యని తెలిసిన తరువాత, రోగి చేతిని కంటితో చూచి తీర్పు చెప్పుట యెంత సాహసమో తేటపడినది. బెర్న్‌స్టైన్ 1947లో వ్రాసిన గ్రంథమునకు మఱుచటి సంవత్సరము స్టాలిన్ బహుమానము వచ్చెను. ఆ తరువాత కొలది కాలమునకే ఆయన ప్రభుత్వపు ఆగ్రహమునకు పాత్రుడయ్యెను. పండితుల కట్టి దశలు పట్టుట ఏ దేశమునకును క్రొత్త కాదు.

వైద్యశాలలలో మాత్రము పరీక్ష కంటితోడనే సాగినది. 1975వ సంవత్సరమున స్వీడను దేశపు గోటెన్‌బర్గ్ నగరమున ఆక్సెల్ ఫూగిల్-మాయర్ అను వైద్యుడును ఆయన సహచరులును ఒక పరీక్షాపత్రమును సిద్ధపఱచిరి. చేతికి సంబంధించి అందు 33 ప్రశ్నలు. ఒక్కొక్కదానికి 0, 1, 2 అని మార్కులు: చేయలేకున్న సున్న, కొంత చేసిన ఒకటి, సరిగా చేసిన రెండు. అన్నియు చేసినవానికి 66. ఈ పత్రము నేటికిని లోకమంతట వాడుకలో నున్నది. దానికి ఖరీదు లేదు, విద్యుచ్ఛక్తి యక్కఱలేదు. దానిని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు.

అయినను మార్కులు వేసినవాడను గనుక దాని లోటు నాకు వెంటనే తోచినది. సున్నకును రెంటికిని నడుమ నున్నది ఒకటి మాత్రమే. అప్పుడే చేయి కదల్ప నారంభించినవానికిని ఒకటే. ఇంచుమించు పూర్తిగా చాపగలవానికిని ఒకటే. మూడు మాసములు చెమటోడ్చి మొదటి స్థితినుండి రెండవ స్థితికి వచ్చినవాని పత్రమును చూచిన యెడల, అతడు అంగుళమైనను ముందునకు పోలేదని యుండును. ఇక ప్రయోజనము లేదని వ్యాయామము మాన్పించుట కా కాగితమే సాక్ష్యము కావచ్చును. వేఱొక కీడు గలదు. బల్లమీది గ్లాసు నందుకొమ్మన్నప్పుడు రోగి మోచేయి చాపక, మొండెమునే ముందునకు వంచి యందుకొనును. గ్లాసు చేతికి వచ్చినది, పని జరిగినది. కాని చేయి బాగుపడినదా, లేక నడుము చేతి పనిని తలకెత్తుకొన్నదా? ఈ రెండును వేఱు. పని యైనదా లేదా యని మాత్రమే చూచు పరీక్షకు ఈ భేదము తెలియదు.

ఇక యంత్రము కథ. అమెరికా దేశపు మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయములో పియెత్రో మొరాస్సో యను ఇటలీ పండితుడు చేసిన పరిశోధన 1981లో వెలువడెను. ఒక చోటనుండి మఱియొక చోటికి చేయి చాపుమన్నచో, ఆరోగ్యవంతుని హస్తము రమారమి సరళరేఖలో పోవును. దాని వేగము మెల్లగా పెరిగి, నడుమ శిఖరము నంటి, మెల్లగా తగ్గును. గీచి చూచిన గంట బోర్లించినట్లుండును. తామార్ ఫ్లాష్, నెవిల్ హోగన్ అనువారు 1985లో దీనికి గణితము కట్టిరి: చేయి కుదుపు అత్యల్పముగా నుండు త్రోవ నెన్నుకొనునని. దీనితో, చెడిన కదలికను సరిపోల్చుటకు చెడని కదలిక యొక్క కొలత దొరకినది.

ఆ హోగనే 1989లో హెర్మనో ఈగో క్రెబ్స్ అను శిష్యునితో కలసి చేతికొక యంత్రమును నిర్మింప బూనెను. దానిని ఎం.ఐ.టి.-మానస్ అందురు, లాటినులో ‘మానుస్’ అనగా హస్తము. రోగి బల్లయెదుట కూర్చుండి యంత్రపు పిడిని పట్టుకొనును; చేయి దానికి కట్టబడును. ఎదుట తెరపై నడుమ నొక గుఱి, దానికి 14 సెంటీమీటర్ల దూరమున చుట్టును 8 గుఱులు. పిలిచిన గుఱి యొద్దకు చేతిని నడుపవలెను. దాని గొప్పతన మేమన, అది రోగి త్రోసినవైపునకు బరువు లేకుండ ఒదుగును. కావలసినప్పుడు మెల్లగా దారికి తెచ్చును. అంతసేపును చేయి యెక్కడ నున్నది, ఎంత వేగమున పోవుచున్నది, ఎంత బలముతో నెట్టుచున్నది యెడతెగక వ్రాసికొనును. రోబో టను మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ వ్రాసిన నాటకముతో పుట్టినది. దాని మూలమునకు వెట్టిచాకిరి యని యర్థము. వెట్టివాడు లెక్కలు వ్రాయు కరణము కూడ నగుట ఇచ్చట చూడనగును.

న్యూయార్కు రాష్ట్రమున వైట్ ప్లెయిన్సు నందలి బర్కు వైద్యశాలలో 20 మంది రోగులతో జరిపిన పరీక్ష 1997లో ప్రకటితమైనది. అంతకంటె నాకు ముఖ్యముగా తోచినది, ఆ వ్రాతలలో బయటపడిన విషయము. పక్షవాతమునుండి కోలుకొనుచున్న చేయి ఒకే ప్రవాహముగ పోదు. కొంత పోయి ఆగును. మఱల కొంత పోయి ఆగును. ఒక కదలిక అనేక తునకలుగా నున్నది. వారములు గడచినకొలది తునకల సంఖ్య తగ్గి, ఒక్కొక్కటి పొడవై, ఒకదానితో నొకటి కలసిపోవును. 2002లో 31 మంది రోగుల కదలికలను పరిశీలించి, ఈ నునుపు పెరుగుట కోలుకొనుటకు గుర్తని వ్రాసిరి. ఇది చదువగనే నాకు ఇసుకలో ఓనమాలు దిద్దు పసివాడు జ్ఞప్తికి వచ్చినాడు. వాడు ‘అ’కారమును ఒక సున్నగా, ఒక కొమ్ముగా, ఒక తోకగా ముక్కలు ముక్కలుగా వ్రాయును, కొంతకాలమునకు ఆ ముక్కలు కలసి యొకే యక్షరమగును. గురువు ఎదురుచూచు నా కలయిక 0, 1, 2 లకు అందునది కాదు.

యంత్రము మఱియొక మరుగు విషయమును బయటపెట్టినది. నా తోడి యుపాధ్యాయు డొకడు ఈ వ్యాధిపాలై, కొన్ని నెలలకు కుడిచేయి యెత్తగలిగెను. చూచినవారెల్ల బాగుపడినదనిరి. ఆయన మాత్రము, “పంతులుగారూ, కన్నులు మూసికొంటినా, ఈ చేయి యెచ్చట నున్నదో నాకు తెలియుట లేదండీ” అని వాపోవుచుండెను. మేము దానిని మనోవ్యధ యనుకొంటిమి. కెనడా దేశమున కింగ్‌స్టన్ నగరపు క్వీన్సు విశ్వవిద్యాలయములో స్టీఫెన్ స్కాట్ 1999లో ప్రకటించిన యంత్రము భుజమును మోచేతిని విడివిడిగా కొలుచును. అట్టి యంత్రముతో, రోగి చేతులు కంటికి కనబడకుండ కప్పి, ఒక చేతిని యంత్రమే యొకచోట నుంచును. రెండవ చేతిని దానికి అద్దములోని ప్రతిబింబమువలె నిలుపుమందురు. 2010లో వెలువడిన పరిశోధనలో అనేకులు చాలదూరము తప్పిరి. బలమున్నను చేతి యునికి తెలియనివారు కలరు. ఇంకను వింత, మంచి చేయి యని మనము నమ్మిన రెండవ చేతియందును పలువురికి లోపములు కనబడినవి. మా మిత్రునిది మనోవ్యధ కాదు. అది కొలువదగిన లోపమే.

షికాగో ప్రాంతపు నార్త్‌వెస్టరన్ విశ్వవిద్యాలయమున జూలియస్ డెవాల్డ్ బృందము 2007లో మఱియొక సంగతి చూపినది. వారి యంత్రము చేతి బరువును తాను మోయగలదు. బరువు తీసివేసినప్పుడు రోగి దూరముగా చేయి చాపును. తన బరువు తాను మోయవలసి వచ్చినకొలది ఆ యందుబాటు కుఱుచయగును, మోచేయి తనంతట ముడుచుకొనును. చాపలేని చేతికి చాపుట రాదనుట తప్పు. ఎత్తుచు చాపుట రాదు.

పరీక్షకునిగా ఇంత మేలైన యంత్రము ఉపాధ్యాయునిగాను మేలు కావలెనని జనులు ఆశపడిరి. అది ఫలింపలేదు. బ్రిటన్‌లో 770 మంది రోగులతో జరిగి 2019లో వెలువడిన పరీక్షలో, ఎం.ఐ.టి.-మానస్ నేర్పిన వ్యాయామము వాడుకగా జరుగు చికిత్సకంటె చేతి వినియోగమున అధికఫలము నీయలేదు. కొందఱు దీనితో యంత్రమునే నిందించిరి. నాకది న్యాయముగా తోచదు. పాఠశాల తనిఖీకి వచ్చిన అధికారి పాఠము చెప్పలేకపోయినంత మాత్రమున, ఆయన వ్రాసిన నివేదిక అబద్ధమగునా? అంతకు ముందే, 2014లో 200 మందికి మించిన రోగులపై జరిగిన పరిశోధనలో, యంత్రపు కొలతలనుండి వైద్యులు వేయు మార్కులను చాలవఱకు ఊహింపవచ్చునని తేలియుండెను.

మనవారిలో వైద్యముకొఱకు చిత్తూరునుండి, నెల్లూరునుండి రాయవేలూరు పోవువారు మెండు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకుడు శివకుమార్ బాలసుబ్రహ్మణ్యన్ తన సహచరులతో 2012లో కదలిక నునుపును కొలుచుట కొక క్రొత్త గణితమార్గమును ప్రకటించెను. వేగమునందలి శిఖరములను లెక్కించినచో పరికరపు చిన్న వణకుకూడ రోగి లోపముగా లెక్కకు వచ్చును. ఈ మార్గము ఆ పొరపాటునకు అంతగా లోబడదు. ఆ కళాశాలయు మద్రాసు ఐ.ఐ.టి.యు కలసి ప్లూటో యను చిన్న యంత్రమును గూడ నిర్మించినవి. దానికి మోటారు ఒక్కటే. మణికట్టునకు, ముంజేతికి, వ్రేళ్లకు తగిన పిడులను మార్చి బిగించుకొనవచ్చును. పెద్ద యంత్రమువలె దానికొక గది యక్కఱలేదు, మేజాబల్లపై పట్టును.