ధరణికోట దీపములు

తీర్థయాత్ర మన గృహస్థులకు క్రొత్త గాదు. స్నానము, దర్శనము, ప్రసాదము, తిరుగుప్రయాణము: ఈ నాల్గింటితో యాత్ర ముగిసినదని తలంతుము. చూచి వచ్చిన యూరు ఎవరు కట్టిరి, అచ్చటి రాయి ఎవరు నిలిపిరి, ఎవరు పెకలించిరి అను ప్రశ్నలను బడిపిల్లల పరీక్షలకు విడిచిపెట్టుదుము. ఈ యలవాటువలన జాతికి కలిగిన నష్టమెట్టిదో తెలియగోరువారు ధరణికోటకు పోవలెను. అచ్చటి మహాస్తూపమును రూపుమాపినది ముఖ్యముగా మన తెలియనితనము. ఏ పిలుపును లేకయే వేలకొలది జనులు చేరు పండుగ సాయంకాలమును ఆ తెలియనితనమును పోగొట్టుటకు వినియోగింపవచ్చునని చెప్పుటకే మే మీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో, కృష్ణకు కుడిగట్టున, అమరావతి నానుకొని ధరణికోట యున్నది. మహాశివరాత్రినాడు ఈ సీమయంతయు కదలును. కోటప్పకొండకు ప్రభలు కట్టుకొని పోవువారు పోగా, కృష్ణలో మునిగి అమరేశ్వరుని సేవింపగోరువారు ఇటు వత్తురు. పూర్వము గూడుబండ్లు వచ్చెడివి. ఇప్పుడు ట్రాక్టరులకు తగిలించిన ట్రాలీలు వచ్చుచున్నవి. అడుగున వరిగడ్డి పఱచి, పైని పట్టాలు వేసి, ముసలివారిని నడుమ కూర్చుండబెట్టి, పిల్లలను అంచులకు పోనీయక లోపలికి చేర్చుకొని కుటుంబములకు కుటుంబములే బయలుదేరును. అట్టి ట్రాలీ యొకదానిలో నాలుగిండ్లవారితో గూడి మేమును ఒక శివరాత్రి సాయంకాలము ఈ రెండూళ్లను మెల్లగా చుట్టివచ్చితిమి. చరిత్ర చెప్పుటకు ఈ వాహనము మిక్కిలి యనువైనది. ఎత్తున కూర్చున్నవారికి కంచెల కావలి దిబ్బలు కనబడును, ఆపుమన్నచోట ఆగును, యంత్రము నిలిచినంతనే ఒకరు చెప్పినది అందఱకును వినబడును.

మొదట ఆగవలసిన తావు ధరణికోటయే. నేడిది పొలముల నడుమ నున్న గ్రామము. చుట్టును అక్కడక్కడ మిగిలిన మట్టికట్టల యెత్తును చూచినవారికి మాత్రమే ఇది కోటయని తోచును. ఇదియే ధాన్యకటకము, శాతవాహనుల యేలుబడిలో ఆంధ్రదేశమున మేటినగరము. 1962 మొదలు 1964 వఱకు పురావస్తుశాఖవారు ఇచ్చట త్రవ్వి చూడగా, నౌకలు లోనికి వచ్చుటకు తీర్చిన కాలువయు, మొదట కొయ్యతోను తరువాత ఇటుకతోను కట్టిన రేవును బయల్పడినవి. అనగా, నేడు ఎద్దులు మేయుచోట నొకప్పుడు సరకులు దిగెడివి. 7వ శతాబ్దమున చీనాదేశపు యాత్రికుడైన హ్యుయాన్‌త్సాంగు ఇచ్చటికి వచ్చి, కొన్ని మాసములు నిలిచి, ఇచ్చటి భిక్షువులయొద్ద అభిధర్మమును చదివెను. అప్పటికే విహారములు చాలవఱకు పాడుపడియుండెనని యతడు వ్రాసెను. పాడుపడుచున్న యూరిలో సైతము దూరదేశపు పండితుడు శిష్యుడుగా కూర్చుండదగిన విద్య మిగిలియుండెనన్నమాట.

ప్రొద్దు వాలకముందే అమరావతిలోని స్తూపస్థలమును చూడవలెను. వచ్చినవారిలో పెక్కురు ఇచ్చట నిరాశ చెందుదురు. మహాచైత్యమని విని వచ్చినవారికి తక్కువ యెత్తుగల గుండ్రని దిమ్మయు, చుట్టును నిలిపిన కొన్ని రాళ్లును మాత్రము కనబడును. కాని పూర్వపు కొలతలను తలంచుకొనుడు. స్తూపము అడుగున అడ్డుకొలత సుమారు 50 మీటరులు. నాలుగు దిక్కులను ముందునకు వచ్చిన వేదికలు; ఒక్కొక్క వేదికపై అయిదేసి ఆయకస్తంభములు. దాని చుట్టును నిలువెత్తును మించిన రాతి కటకటా, దానినిండ శిల్పము. మౌర్యుల నాడు మొదలైన యీ పని కొన్ని శతాబ్దములు సాగినది. రాయి మన పలనాటి సున్నపురాయి; పనివారు మనవారు.

ఆ శిల్పములలో నొకటి చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రదర్శనశాలలో నున్నది. గుండ్రని ఫలకముపై మదించిన నాలాగిరి యేనుగు వీధిలో బడి మనుష్యులను త్రొక్కుచున్నది. ఆ ఫలకముననే మఱియొక ప్రక్క ఆ యేనుగు బుద్ధుని పాదములకడ మోకరిల్లినది. వీధిలో జనులు తొలగిపోవుచున్నారు. మేడ కిటికీలనుండి స్త్రీలు తొంగిచూచుచున్నారు. కథ రాజగృహనగరమునకు సంబంధించినదైనను, శిల్పి చెక్కిన వీధి తా నెఱిగిన వీధియే యయియుండును. ధాన్యకటకపు సాయంకాలమున జనసమ్మర్దమెట్లుండెనో తెలియగోరువారికి ఇంతకంటె దగ్గఱి సాక్ష్యము లేదు. తెలుగు చదువువారు ఇచ్చట మఱియొక రాతినిగూడ స్మరింపవలెను. ఇచ్చటి శాసనఖండమొకదానియందు ‘నాగబు’ అను పదమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించి, తెలుగుమాటలలో మనకు దొరకిన ప్రాచీనమైన దానినిగా చూపిరి.

ఇంత కట్టడమును కట్టినది ఏ రాజని పిల్లలు అడుగుదురు. వాసిష్ఠీపుత్ర పులుమావి పేరుగల శాసన మిచ్చట దొరకినమాట నిజమే. అయినను రాళ్లపైనున్న ప్రాకృతశాసనములను చదివినచో, రాళ్లు ఇచ్చినవారిలో రాజులకంటె సామాన్యులే యెక్కువగా కనబడుదురు. వర్తకులు, గృహస్థులు, సుగంధద్రవ్యములు అమ్మువారు, భిక్షువులు, భిక్షుణులు, ఇల్లాండ్రు, వారి బిడ్డలు. రోహ యను భిక్షుణి యిచ్చిన రాయి యొకటి యున్నది. ఒకరు స్తంభమును, ఒకరు పలకను, ఒకరు పైకప్పురాతిని ఇచ్చిరి. నేడు మన యూళ్లలో బడికి చందాలు పోగుచేసినట్లే ఆనాడు చైత్యము లేచినది.

వీరిలో నొకని కథ చెప్పక ముందునకు పోరాదు. అతని పేరు విధికుడు, వృత్తి చర్మకారము. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. తండ్రి పాఠము చెప్పువాడు, కొడుకు తోలుపని చేయువాడు. ఈ రెంటికిని పొసగదని ఆ శాసనము వ్రాసినవారు తలంపలేదు. విధికుడు తన తల్లితోను, భార్యతోను, అన్నదమ్ములతోను, నాగుడను కుమారునితోను, కుమార్తెలతోను గూడి పూర్ణఘటము చెక్కిన రాతిపలకను మహాచైత్యమునకు సమర్పించెను. పూర్ణఘటము మంగళములలో మేటి. నేటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వ ముద్రలో ధర్మచక్రముతోగూడ వెలయుచున్నదియు పూర్ణఘటమే. ప్రతి కచ్చేరికాగితముమీదను మనము చూచు మంగళచిహ్నమును ఆనాడు ఈ క్షేత్రమున కొకచో అర్పించినవాడు ఒక చర్మకారుడని మనలో నెందఱకు తెలియును?

మేమీ మాట చెప్పగా, ట్రాలీలో వెనుకగా కూర్చున్న ముసలమ్మ యొకతె, “ఆ చెప్పులు కుట్టే మారాజు పేరు రాతి మీదుందా పంతులుగారూ? మా తాత పేరు కాయితం మీద కూడా లేదే!” అని యడిగినది. మా యొద్ద దానికి ఉత్తరము లేకపోయెను.

ఈ దిబ్బను జనులు పిలిచిన పేరు దీపాలదిన్నె. స్తూపమనిగాని చైత్యమనిగాని ఆ తరమువా రెఱుగరు; ఆ దిన్నెకు దీపములతో నేదియో పొత్తు కలదని మాత్రము నోటినుండి నోటికి నిలిచినది. ఆ పేరు ఊరక పుట్టలేదు. 12వ శతాబ్దమున ధాన్యకటకము నేలిన కోట వంశపు రాజు రెండవ కేతరాజు 1182లో వేయించిన శాసనము అమరేశ్వరాలయపు స్తంభముమీద నున్నది. అందు అమరేశ్వరుని క్షేత్రమనియు, ఉన్నతమైన బుద్ధచైత్యముగల తావనియు ఈ నగరమును ఒకేచోట పొగడిరి. శివాలయపు స్తంభముమీద వ్రాయించిన ఆ శాసనమే బుద్ధునికి గ్రామములను, అఖండదీపములను ఇచ్చినట్లు చెప్పుచున్నది. రాజు అంతఃపురపు స్త్రీలును తమతమ పేర దీపము లిచ్చిరి. సింహళమున గడలాదెనియవద్ద నున్న 1344 నాటి శాసనమునందు ధర్మకీర్తి యను భిక్షువు ధాన్యకటకమున బుద్ధమందిరమును బాగుచేయించెనని యున్నది. అంతవఱకును ఆ దీపము ఏదో విధముగా వెలుగుచుండెను. ఆ తరువాత నూనె పోయువారు లేకపోయిరి. పేరు మాత్రము మిగిలెను.

18వ శతాబ్దపు చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు చింతపల్లినుండి వచ్చి అమరావతి పట్టణమును కట్టించిరి. ఆయన దానశీలి, దేవాలయములకు గోపురములు ఎత్తించినవాడు. క్రొత్తయూరికి ఇటుక కావలసివచ్చెను. దీపాలదిన్నెలో ఇటుక యుండెను. నిధి దొరకునన్న యాసయు తోడయ్యెను. ఆ సమయముననే కర్నలు కాలిన్ మెకంజీ వచ్చి చూచెను. అతడు 1816లో మరల వచ్చునప్పటికి దిన్నె నడుమ చెఱువు త్రవ్వబడియుండెను. శిల్పపు రాళ్లు శివగంగ చెఱువు మెట్లకును, గుడులకును, ఇండ్లకును పోయినవి. కొన్ని సున్నపుబట్టీలలో కాలిపోయినవి. పలనాటి రాయి మంచి సున్నమిచ్చును గదా!

ఇందు ఎవరి ద్వేషమును లేదు. ఆ రాతిమీది లిపిని చదువగలవాడు అప్పటికి భూమిమీద లేడు. బ్రాహ్మీలిపిని జేమ్సు ప్రిన్సెపు సంపూర్ణముగా చదివినది 1837లో. విధికునివంటివా రెందఱి పేర్లు అంతకుముందే గోడల సున్నమైపోయినవో! చదువబడని యక్షరము రాయితో సమానము. రాయి సున్నముతో సమానము. చదువులేమి చేయు చెఱుపు ఇట్టిది.

చదువుకొన్నవారును పూర్తిగా రక్షింపలేదు. 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించిన రాళ్లు చెన్నపట్టణమునకు పోయి, ఎండవానలలో చాలకాల ముండి, 1859లో లండనుకు ఓడ యెక్కినవి. అచ్చట ఫైఫ్ హౌస్ యను భవనపు బండ్లకొట్టములో పడియుండగా జేమ్సు ఫెర్గుసన్ వానిని చూచి లోకమునకు తెలిపెను. 1880లో అవి బ్రిటిషు మ్యూజియము చేరెను. ఆ యేడే గవర్నరు ఉత్తరువు ననుసరించి దిన్నె నంతయు ఊడ్చినట్లు త్రవ్విరి. మఱుసటి యేడు బర్జెసు పండితుడు వచ్చి చూచునప్పటికి నడుమ పెద్ద గొయ్యి మిగిలెను. ఈ విధముగా అమరావతి శిల్పము లండనులో కొంత, చెన్నపట్టణములో కొంత నిలిచినది. అమరావతిలోనే ప్రదర్శనశాల యేర్పడినది 1951లో. తన యూరి రాయిని తన యూరిలో చూచుటకు ధరణికోట పిల్లవాడు అంతకాలము వేచియుండవలసివచ్చెను.

చీకటి పడినపిమ్మట ట్రాలీ అమరేశ్వరాలయమువైపు సాగినది. క్రౌంచగిరి యనబడు తిన్నెపై నున్న యీ గుడి పంచారామములలో నొకటి. లింగము మిక్కిలి పొడవగుటచే అర్చకులు మెట్లెక్కి పైయంతస్తునుండి యభిషేకము చేయుదురు. 1515లో కొండవీటిని గెలిచిన కృష్ణదేవరాయలు ఇచ్చటికి వచ్చి తులాపురుషదానము చేసెను. శివరాత్రినాడు గోపురమునుండి కృష్ణయొడ్డువఱకు విద్యుద్దీపములు. రేవుమెట్లమీద స్త్రీలు విడుచు చిన్నదీపములు. జాగరణకు కూర్చున్న భక్తుల భజనలు. ఆ రాత్రి గుడిలోనికి పోవు జనమును ఎవరును కులమడుగరు. ఇది ఊరక వచ్చినది కాదు. గుంటూరు మండలము చేరియుండిన మదరాసు రాష్ట్రమున దేవాలయప్రవేశ చట్టము 1947లో వచ్చినది. విధికుని పూర్ణఘటమును చైత్యమున కర్పించినచోటికి కూతవేటు దూరమునగల గుడిలో విధికుని వృత్తివారు అడుగిడుటకు చట్టము కావలసివచ్చినదనగా, ఈ నడుమ మనము పోగొట్టుకొన్నది రాళ్లొక్కటియేనా?

పూర్వపు మంచి నంతయు గొప్పచేసి మనము నిద్రపోవలెనని మా తాత్పర్యము గాదు. ఆ కాలమునను హెచ్చుతగ్గు లుండెను, దాసులుండిరి. కాని, “ఇది యనాదినుండి యిట్లే యున్నది” అని యెవరైన కులభేదమును సమర్థించినప్పుడు, “ధరణికోట రాతిమీద అట్లు లేదు” అని చెప్పగల ప్రమాణము మన చేతిలో నుండెను. దానిని చదువుకొననందున ఆ మాట చెప్పలేకపోతిమి.

కావున ఇప్పుడు చేయదగిన పని చిన్నది. 2006 జనవరిలో దలైలామాగారు ఇచ్చట కాలచక్ర మహోత్సవము జరిపినప్పుడు దేశదేశముల యాత్రికులు వచ్చిరి. వారికి ఈ తావు విలువ తెలియును. 2015లో శంకుస్థాపన జరిగిన రాజధాని ఈ యూరి పేరే పెట్టుకొన్నది. పేరు అంత దూరము పోయినప్పుడు, ప్రక్క పల్లెనుండి పండుగకు వచ్చిన యిల్లాలికి ఆ పేరు వెనుకనున్న కథ తెలియకుండుట న్యాయమా? శివరాత్రినాడు వచ్చు ట్రాలీలలో పదింటికి ఒకదానిలోనైన చదువుకొన్నవాడొక డుండకపోడు. అతడు ధరణికోటకడ ఒకసారి, దిన్నెకడ ఒకసారి బండి నాపించి, పది నిమిషములు మాటలాడిన చాలును. తల్లులు విందురు, పిల్లలు తిరిగి చెప్పుదురు. బడిపంతుళ్లు ముందుగా పిల్లలచేత విధికుని పేరును, రోహ పేరును, కేతరాజు దీపముల కథను పలికించి పంపవలెను. దీనికి ధనము కాని ఉత్తరువు కాని అక్కఱలేదు.

కేతరాజు దీపములకు గ్రామములు వ్రాసియిచ్చెను. గ్రామము లున్నను దీపము లాఱినవి. దీపాలదిన్నె యను పేరును ఏ మాన్యమును లేని పామరజనులు తమ నోట నిలిపిరి. ఆ పేరునకు అర్థము చెప్పు బాధ్యత చదువుకొన్న మనది.