ఆమె తర్వాత ఎవరు?

స్త్రీల సంస్థల చరిత్ర మన భాషలో ఎక్కువగా స్థాపకురాళ్ళ జీవిత చరిత్రగానే దొరుకుతుంది. ఆమె ఎక్కడ పుట్టింది, ఎన్నో ఏట పెళ్ళయింది, ఎవరి ఉపన్యాసం విని కదిలింది, ఎంతమందితో సంస్థ మొదలుపెట్టింది - ఇవన్నీ వివరంగా ఉంటాయి. ఆ తర్వాత కథ ఒక్కసారిగా రజతోత్సవానికో స్వర్ణోత్సవానికో దూకుతుంది. మధ్యలో లెక్కలు రాసినవాళ్ళు, హాస్టలు పిల్లకి జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చున్నవాళ్ళు, స్థాపకురాలు పోయిన మర్నాడు వచ్చి తాళం తీసినవాళ్ళు పేర్లు లేకుండా మిగిలిపోతారు. ‘ఆమె తర్వాత ఎవరు?’ అన్న ప్రశ్న చరిత్రకారులు పెద్దగా వెయ్యలేదు. సంస్థలు కూడా చాలాసార్లు వేసుకోలేదు.

ఇది మేనేజ్‌మెంటు వాళ్ళ ప్రశ్న కదా అని సాహిత్యం చదువుకున్న మనం పక్కన పెట్టేస్తుంటాం. కానీ వారసత్వం అన్న మాట మనకి కొత్తదేమీ కాదు. ఆస్తి, ఇంటిపేరు, పిండం పెట్టే హక్కు తండ్రి నుంచి కొడుక్కి ఎలా నడిచాయో మనం ఎన్నో పేజీల్లో విమర్శించాం. మరి కొడుకులు లేని, భర్తలు లేని, కాపురాలు వదులుకున్న ఆడవాళ్ళు కట్టిన సంస్థలు ఎవరికి చెందాలి? ఈ ప్రశ్నకి జవాబు వెతికితే స్త్రీల నాయకత్వం గురించి మనకున్న ఊహలు కొన్ని కదిలిపోతాయి.

చట్టం సంగతి ముందు చూద్దాం. 1937లో వచ్చిన హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వితంతువుకి భర్త ఆస్తిలో వాటా ఇచ్చింది గానీ అది బతికున్నంతకాలం అనుభవించడానికే. తనకి నచ్చినవాళ్ళకి రాసిచ్చే హక్కు లేదు. పూర్తి హక్కు రావడానికి 1956 దాకా ఆగాల్సి వచ్చింది. అలాంటి కాలంలో 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘం ఒక విచిత్రమైన అవకాశం. ఇంట్లో గజం స్థలం మీద అధికారం లేని స్త్రీ, సంఘం కార్యదర్శిగా స్థలం కొనగలదు, భవనం కట్టగలదు, తన తర్వాత మరొక స్త్రీకి ఆ బాధ్యత అప్పగించగలదు. రక్తసంబంధంతో పనిలేని ఒక కొత్త వంశావళి సాధ్యమైంది. దాన్ని మనం ఎంతవరకు వాడుకున్నామన్నదే ప్రశ్న.

మన సంస్కరణోద్యమంలోనే రెండు రకాల అప్పగింతలు కనిపిస్తాయి. 1906లో కందుకూరి వీరేశలింగం హితకారిణి సమాజం స్థాపించి తన ఆస్తిని దానికి రాసిచ్చారు. పిల్లలు లేని మనిషి ఒక సంఘాన్ని వారసురాలిని చేసుకోవడం ఆ రోజులకి పెద్ద విషయమే. కానీ 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహం జరిగాక వంటవాళ్ళూ నీళ్ళవాళ్ళూ మానేస్తే ఆ ఇంటిని నిలబెట్టింది రాజ్యలక్ష్మమ్మ. ఆశ్రయం కోరి వచ్చిన వితంతువులకి తల్లీ, వార్డెనూ, నర్సూ ఆమే. 1910లో ఆమె పోయారు. ఆస్తికి దస్తావేజు ఉంది. ఆమె చేసిన పనికి దస్తావేజు లేదు. ఆ పని ఎలా చెయ్యాలో, ఎవరు చెయ్యాలో ఏ తీర్మానంలో రాస్తారు? సంస్థల వారసత్వంలో మొట్టమొదట జారిపోయేది ఈ రకమైన జ్ఞానమే.

భండారు అచ్చమాంబది ఇంకో రకం నష్టం. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీల సమాజం స్థాపించి, ఊళ్ళు తిరిగి సమాజాలు పెట్టించిన మనిషి 1905లో, ముప్ఫై ఏళ్ళకే చనిపోయింది. ఆమె రాసిన ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ని మనం మళ్ళీ వెతికి తెచ్చుకున్నాం. అచ్చయిన పుస్తకం ఎక్కడో ఒక అల్మారాలో ఎదురు చూస్తుంది. సమాజం ఎదురు చూడదు. వారం వారం ఎవరో ఒకరు వచ్చి చాప పరిస్తేనే అది ఉంటుంది. రచయిత్రికీ సంస్థ నిర్మాతకీ ఉన్న తేడా ఇదే. రచయిత్రి తర్వాత పాఠకురాలు చాలు. నిర్మాత తర్వాత మరో నిర్మాత కావాలి.

ముందే ఆలోచించుకుని, వారసురాలిని తయారుచేసుకున్నవాళ్ళు లేరా అంటే, పండిత రమాబాయి ఉన్నారు. 1889లో బొంబాయిలో శారదా సదన్ మొదలుపెట్టి, కేడ్‌గావ్‌లో ముక్తి మిషన్‌ని పెంచిన రమాబాయి తన కూతురు మనోరమకి చదువూ శిక్షణా ఇచ్చి ఆ పనికే సిద్ధం చేశారు. 1921లో మనోరమ చనిపోయింది. మరుసటి ఏడాది ఏప్రిల్లో రమాబాయి పోయారు. సంస్థ ఆగలేదు. అక్కడ పనిచేస్తున్న ఇతర స్త్రీలు దాన్ని అందుకున్నారు. ఇందులో మనకో పాఠం ఉంది. ఒక్క మనిషిని ఎంచి తయారుచెయ్యడం వారసత్వ ప్రణాళిక కాదు, అది ఒక ఆశ మాత్రమే. సంస్థని కాపాడేది పని తెలిసిన పదిమంది.

ఆంధ్ర మహిళా సభ చరిత్ర ఈ దృష్టితో చదివితే కొత్తగా కనిపిస్తుంది. 1937లో మద్రాసులో దుర్గాబాయి స్థాపించినప్పటికి ఆమెకి ఇంకా ముప్ఫై ఏళ్ళు నిండలేదు. చిన్నప్పుడే అయిన పెళ్ళిని కాదనుకుంది, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళింది, ఆ తర్వాత చదువు మొదలుపెట్టింది. 1942లో లా పట్టా, 1946లో రాజ్యాంగ సభ సభ్యత్వం, 1952లో ప్రణాళికా సంఘం, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్ష పదవి. అంటే సభ పుట్టిన పదేళ్ళలోపే స్థాపకురాలు ఢిల్లీ చేరింది. మద్రాసులో సభ నడుస్తూనే ఉంది. నాయకురాలు ఊళ్ళో లేకపోవడం సంస్థకి ఒక పరీక్ష. ఒక రకంగా అదే రేపటికి రిహార్సల్. ఎవరు సంతకం పెడతారు, డబ్బు చాలకపోతే ఎవరు అడుగుతారు, గొడవ వస్తే ఎవరి మాట చెల్లుతుంది - ఇవన్నీ ఆమె ఉండగానే తేలాలి. పోయాక తేల్చుకోవడం కష్టం.

దుర్గాబాయి చేసిన మరో పని గురించి మనం తగినంతగా మాట్లాడలేదు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళని బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకి తయారుచెయ్యడం సభ తొలినాళ్ళ పనుల్లో ఒకటి. 1958లో ఇదే ఆలోచన సంక్షిప్త విద్యా కోర్సుల పేరుతో సంక్షేమ బోర్డు పథకమయింది. వితంతువులూ, భర్తలు వదిలేసినవాళ్ళూ, పేదింటి ఆడవాళ్ళూ తక్కువ కాలంలో చదువు ముగించి టీచర్లుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా వెళ్ళడానికి దారి ఏర్పడింది. ఆశ్రయం పొందినామె రేపు సంస్థ నడిపే మనిషి కాగలదన్న నమ్మకం ఇందులో ఉంది. నా దృష్టిలో ఆమె కట్టిన ఏ భవనం కన్నా ఇది పెద్ద వారసత్వ ప్రణాళిక.

అయితే ఈ మెట్లు ఎంత దూరం వెళ్ళాయి? చదువుకుని ఉద్యోగి కావడం వరకా, కార్యవర్గంలో కుర్చీ వరకా? స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే స్త్రీలకీ పాలించే స్త్రీలకీ మధ్య కులం, వర్గం గీసిన గీత ఒకటి ఉంటుంది. దాన్ని దాటినవాళ్ళు తక్కువ. సంక్షేమ బోర్డు గ్రాంట్లు వచ్చాక రిజిస్ట్రేషన్, కార్యవర్గం, ఆడిట్ చేసిన లెక్కలు తప్పనిసరయ్యాయి. వాటివల్ల సంస్థలకి స్థిరత్వం వచ్చిన మాట నిజమే. కానీ ఆఫీసులకి వెళ్ళి ఇంగ్లీషులో మాట్లాడగలిగినామెకే పగ్గాలు దక్కే పరిస్థితి కూడా వాటివల్లే గట్టిపడింది.

సాహిత్య విద్యార్థినిగా నాకు ఇంకొక విషయం కూడా ముఖ్యమనిపిస్తుంది. 1981లో మరణించడానికి కొద్దికాలం ముందు దుర్గాబాయి ఇంగ్లీషులో రెండు పుస్తకాలు రాశారు. ‘చింతామన్ అండ్ ఐ’ ఆత్మకథ. ‘ద స్టోన్ దట్ స్పీకెత్’ సభ కథ. సంస్థ చరిత్ర కూడా స్థాపకురాలి కలం నుంచే వచ్చింది. మనం ఆత్మకథల్ని స్త్రీ గొంతుగా చదవడం నేర్చుకున్నాం. మంచిదే. కానీ ‘నేను’ అన్నచోట ఎంతమంది ‘మేము’ ఇమిడిపోయారో కూడా చదవాలి. స్థాపకురాలి ఆత్మకథ పక్కన వార్డెన్ ఆత్మకథ ఎందుకు లేదని అడగాలి.

డెబ్భైల నాటి తరం ఈ స్థాపకురాలి నమూనానే వద్దనుకుంది. 1974లో హైదరాబాదులో ఏర్పడిన ప్రగతిశీల మహిళా సంఘం (పీఓడబ్ల్యూ) ఎమర్జెన్సీ నిర్బంధంలో చెదిరిపోయింది. ఆ అనుభవం ఉన్నవాళ్ళూ కొత్తవాళ్ళూ కలిసి ఆ దశాబ్దం చివర స్త్రీశక్తి సంఘటన అయ్యారు. అధ్యక్షురాలు, కార్యదర్శి లాంటి అంతస్తులు లేని సమష్టి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల గొంతులతో 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఆ సమష్టి పేరు మీదే వెలువడింది. చరిత్ర రచనలో అది ఎంత పెద్ద మలుపో ఈ పాఠకులకి చెప్పనక్కర్లేదు.

నాయకురాలు లేకపోతే వారసత్వ సమస్యా ఉండదు కదా అనిపిస్తుంది. ఉంటుంది. అమెరికా స్త్రీవాది జో ఫ్రీమన్ 1970లోనే, నిర్మాణం లేదనుకునే బృందాల్లో కనిపించని నిర్మాణం ఒకటి ఉంటుందని హెచ్చరించింది. పదవి ఉంటే ప్రశ్నించవచ్చు, దింపవచ్చు. పదవి లేని పలుకుబడిని ఎవరు దింపుతారు? నగరంలో ఇల్లూ, ఇంగ్లీషూ, ఖాళీ సమయమూ ఉన్నవాళ్ళ మాట దానంతటదే నాయకత్వం అవుతుంది. మన స్త్రీవాదం ఎవరిదని తొంభైల నుంచి దళిత, బహుజన, ముస్లిం స్త్రీలు వేసిన ప్రశ్నలో ఈ సంగతి కూడా ఉంది. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ని ఒక సాహిత్య సంకలనంగానే కాక, ఉద్యమ వారసత్వంలో తమ వాటా అడిగిన పత్రంగా కూడా నేను చదువుతాను.

స్త్రీశక్తి సంఘటన ఎక్కువకాలం నిలవలేదు. దాన్ని వైఫల్యం అనను. అందులో పనిచేసినవాళ్ళు 1985లో అన్వేషి స్త్రీల అధ్యయన కేంద్రాన్ని ఏర్పాటు చేసుకున్నారు. సంస్థ పేరు నిలవడం వేరు, పని నిలవడం వేరు. బోర్డు వేలాడుతూ లోపల పని చచ్చిపోయిన సంస్థలు మనకి కొత్త కాదు. ముగించడం కూడా నాయకత్వంలో భాగమే. ముగించేటప్పుడు కాగితాలు, అనుభవాలు, మనుషులు ఎక్కడికి చేరతారో చూసుకోవాలి, అంతే.

స్థాపకురాలు తానుగా పక్కకి జరిగిన ఉదాహరణ కావాలంటే ఇలా భట్ గుర్తొస్తారు. 1972లో అహ్మదాబాదులో ‘సేవ’ని కార్మిక సంఘంగా నమోదు చేయించారు. 1974లో నాలుగు వేలమంది స్త్రీలు తలా పది రూపాయల వాటాతో బ్యాంకు పెట్టుకున్నారు. 1981లో మాతృసంస్థ అయిన మిల్లు కార్మికుల సంఘం నుంచి విడిపోవాల్సి వచ్చింది. 1996లో ఆమె ప్రధాన కార్యదర్శి పదవి వదిలారు. 2022లో ఆమె మరణించేనాటికి సేవ వేరే చేతుల్లో పాతికేళ్ళు దాటి నడిచింది. ఇది ఒక మనిషి మంచితనం వల్ల మాత్రమే సాధ్యం కాలేదు. సభ్యత్వ రుసుము కట్టిన కూరగాయలమ్మేవాళ్ళూ, బీడీలు చుట్టేవాళ్ళూ ఓటు వేసి ఎన్నుకునే ఏర్పాటు ఉంది. సంస్థ ఎవరిది అన్న ప్రశ్నకి రాతలో జవాబుంది.

మన ఊళ్ళలో డ్వాక్రా సంఘాలకి కూడా రాతలో జవాబుంది. మొదటి లీడరు, రెండో లీడరు ఉంటారు, కొంతకాలానికి మారాలి. ఆచరణలో చాలాచోట్ల మారరు. బ్యాంకు మేనేజరుకి పాత లీడరే తెలుసు. సంతకాలు మార్చాలంటే తీర్మానం, ఫోటోలు, నాలుగుసార్లు తిరుగుడు. లీడరు బ్యాంకుకి వెళ్ళిన రోజు కూలి పోతుంది, దాన్నెవరూ ఇవ్వరు. పుస్తకాలు రాయడం ఒకరికే వస్తుంది. అధికార దాహం అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ చాలాసార్లు అసలు అడ్డం ఈ కూలి డబ్బులూ, ఈ రాత పుస్తకమూ. పట్నంలోని ఎన్జీవోలదీ ఇదే కథ. ప్రాజెక్టుకి డబ్బు వస్తుంది, మనిషిని తయారుచేసే కాలానికి రాదు. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళాల్లో పరిపాలనా ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. రేపటి నాయకురాలికి ఈరోజు జీతం ఏ పద్దులోంచి ఇవ్వాలి?

వీటన్నిటికన్నా లోతుగా పాతుకున్నది మన పిలుపు. సంస్థల్లో నాయకురాలు ‘అమ్మ’ లేదా ‘అక్క’ అవుతుంది. ఆ పిలుపులో ఆప్యాయత ఉంది, ‘మేడమ్’ కన్నా వెయ్యి రెట్లు నయం కూడా. కానీ అమ్మ బతికుండగా అమ్మ తర్వాత ఎవరని అడగడం అపచారం. అమ్మకి పదవీకాలం ఉండదు, సెలవు ఉండదు, విశ్రాంతి ఉండదు. కుటుంబాన్ని విమర్శించిన మనమే సంస్థల్ని కుటుంబాలుగా నడుపుతున్నాం. ఈ నమూనా కింది స్త్రీలని ఎదగనివ్వదు. పైనున్నామెని కూడా అరిగిపోయేదాకా వాడుకుంటుంది. డెబ్భై దాటినా చెక్కుల మీద సంతకాలు పెట్టక తప్పని స్త్రీని త్యాగమూర్తి అని పొగడటం కన్నా ఆమెకి విడుదల ఇవ్వడం ఎక్కువ గౌరవం.

పరిశోధకులుగా మనం చెయ్యగలిగింది ఒకటుంది. స్థాపకురాళ్ళ ఇంటర్వ్యూలు ఇప్పటికే చాలా చేశాం. ఇప్పుడు అకౌంటెంట్లని, వంటవాళ్ళని, హాస్టలు వార్డెన్లని, సంఘం పుస్తకం రాసే అమ్మాయిల్ని అడగాలి. బీరువాల్లో చెదలు పడుతున్న మినిట్స్ పుస్తకాలు తెరవాలి. అందులో పేజీ చివర సంతకాలుంటాయి. కొన్ని పొడవాటి ఇంగ్లీషు సంతకాలు, కొన్ని కూడబలుక్కుని రాసిన తెలుగు పేర్లు, కొన్ని వేలిముద్రలు. సంస్థ ఎవరి చేతుల మీదుగా నడిచి వచ్చిందో ఆ వరస చెబుతుంది. తర్వాతి పేజీలో ఎవరి సంతకం ఉండాలన్నది మాత్రం ఆ సంస్థల్లో ఇప్పుడున్న స్త్రీలందరూ కూర్చుని తేల్చుకోవాలి.